సాత్విక్ సాయిరాజ్ - చిరాగ్ శెట్టి జోడీ 2023 సీజను

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి భారతదేశానికి చెందిన బాడ్మింటన్ పురుషుల డబుల్స్ క్రీడాకారులు. వీరిలో సాత్విక్ సాయిరాజ్ కోనసీమలోని అమలాపురం పట్టణానికి చెందినవాడు. చిరాగ్ శెట్టి ముంబై వాసి. 2023 సీజనులో ఈ జోడీ ఆసియా ఛాంపియన్‌షిప్, ఆసియా క్రీడల స్వర్ణ పతకం, ఇండోనేషియా ఓపెన్, కొరియా ఓపెన్, స్విస్ ఓపెన్ టైటిళ్ళు గెలుచుకొన్నది. అదే సంవత్సరం అక్టోబరు 10న ప్రపంచ ర్యాంకింగులలో మొదటి స్థానాన్ని పొందింది. డబుల్స్ విభాగంలో ఈ స్థానాన్ని అందుకొన్న మొదటి భారతీయ జోడీ ఇదే. భారతదేశంలో బాడ్మింటన్ పేరు చెప్పగానే చాలాకాలం సింగిల్స్ క్రీడాకారులే గుర్తుకు వచ్చేవారు. ప్రకాష్ పడుకోనె, పుల్లెల గోపీచంద్, సైనా నెహ్వాల్, పి.వి.సింధు, కిడాంబి శ్రీకాంత్ అందరూ సింగిల్స్ ఆడినవారే. ఆ పరిస్థితిని మార్చినది కావడం వలన ఈ సీజనుకు ప్రత్యేక ప్రాధాన్యత ఉన్నది.

నేపథ్యం

సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగష్టు 13న అమలాపురంలో జన్మించాడు. అప్పటికి ఈ పట్టణం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడి, తరువాత డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా అయినది. గోదావరి పాయల నడుమ కొబ్బరితోటలతో నిండిన ఈ ప్రాంతం వ్యవసాయానికి పేరు పొందినదే కాని, క్రీడలకు పెద్ద సదుపాయాలు ఉన్న చోటు కాదు. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, స్వయంగా బాడ్మింటన్ ఆడినవాడు. తొలి పాఠాలు ఇంటివద్దనే లభించాయి. 2014లో సాత్విక్ హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీలో చేరాడు.

ప్రపంచ మొదటి ర్యాంకు సాధించిన మరొక క్రీడాకారుడు కిడాంబి శ్రీకాంత్ కూడా ఇదే కోనసీమలోని రావులపాలెంలో జన్మించినవాడే. శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో పురుషుల సింగిల్స్‌లో ఆ స్థానాన్ని అందుకొన్నాడు. ఒకే డెల్టా ప్రాంతం నుండి, అదీ రెండు చిన్న పట్టణాల నుండి ఇద్దరు ప్రపంచ ప్రథములు రావడం విశేషమే.

సాత్విక్, చిరాగ్‌లను 2016లో జోడీగా కలిపినవాడు మలేషియాకు చెందిన శిక్షకుడు టాన్ కిమ్ హెర్. ఇద్దరూ వెనుక కోర్టు నుండి బలంగా కొట్టే ఆటగాళ్ళే కావడం వలన ఈ కలయిక ఎంతవరకు కుదురుతుందనే సందేహం మొదట్లో ఉండేది. 2018 కామన్వెల్త్ క్రీడలలో రజతం, 2019లో థాయిలాండ్ ఓపెన్ టైటిల్ గెలిచిన తరువాత ఆ సందేహం తొలగిపోయింది. టోక్యో ఒలింపిక్సులో గ్రూపు దశలో మూడు పోటీలకు రెండు గెలిచినా ముందుకు వెళ్ళలేకపోయారు. ఆ దశలో వీరు ఓడించిన చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్ - వాంగ్ చీ లిన్ చివరకు ఒలింపిక్ స్వర్ణం గెలవడం గమనార్హం. 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టులో వీరు సభ్యులు. అదే సంవత్సరం కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం, ఫ్రెంచ్ ఓపెన్ టైటిల్ కూడా లభించాయి. డెన్మార్కుకు చెందిన మాజీ ప్రపంచ ప్రథమ ర్యాంకు డబుల్స్ ఆటగాడు మథియాస్ బో ఈ కాలంలో వీరి శిక్షకుడు.

ఇన్ని విజయాల నడుమ ఒక లోటు మిగిలి ఉండేది. మలేషియాకు చెందిన ఆరన్ చియా - సో వూయి యిక్ జోడీని వీరు ఒక్కసారి కూడా ఓడించలేకపోయారు. 2022 కామన్వెల్త్ క్రీడల మిశ్రమ జట్ల ఫైనలులోను, అదే నెలలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనలులోను ఓటమి వీరి చేతిలోనే. టోక్యోలో జరిగిన ఆ సెమీఫైనలులో మొదటి గేమును 22-20తో గెలిచి కూడా తరువాతి రెండు గేములు కోల్పోయారు. మలేషియా జోడీ ఆ పోటీలలో ప్రపంచ విజేతగా నిలిచింది.

డబుల్స్ ఆట విధానం

ఈ సీజనును అర్థం చేసుకోవడానికి ఆట తీరు కొంత తెలిసి ఉండాలి. డబుల్స్ కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10 మీటర్లు. ఒక్కొక్క గేము 21 పాయింట్లకు జరుగుతుంది. మూడింటిలో రెండు గేములు గెలిచినవారు విజేతలు. స్కోరు 20-20 అయినప్పుడు రెండు పాయింట్ల ఆధిక్యం కావాలి, 29-29 వద్ద మాత్రం తరువాతి పాయింటుతో గేము ముగుస్తుంది. దాడి చేసేటప్పుడు జోడీలో ఒకరు వెనుక, ఒకరు వల దగ్గర నిలుస్తారు. రక్షణలో ఇద్దరూ పక్కపక్కకు వస్తారు. ఈ స్థానాల మార్పిడి క్షణాలలో జరగాలి. సాధారణంగా సాత్విక్ వెనుక నుండి స్మాష్ కొడితే, బలహీనంగా తిరిగి వచ్చిన షటిల్‌ను చిరాగ్ వల దగ్గర అందుకొని పాయింటు ముగిస్తాడు. సర్వీసు, దానిని తిప్పికొట్టే మొదటి దెబ్బ, ఆ తరువాతి దెబ్బ - డబుల్స్‌లో అనేక పాయింట్లు ఈ మూడింటిలోనే తేలిపోతాయి.

సీజను ఆరంభం

సంవత్సరారంభం నిరాశతో మొదలైంది. జనవరిలో మలేషియా ఓపెన్ సెమీఫైనలులో చైనా జోడీ లియాంగ్ వైకెంగ్ - వాంగ్ చాంగ్ చేతిలో ఓడిపోయారు. ఆ వెంటనే ఢిల్లీలో జరిగిన ఇండియా ఓపెన్‌లో వీరు డిఫెండింగ్ ఛాంపియన్లు. కాని సాత్విక్ తుంటి గాయం కారణంగా రెండవ రౌండులోనే పోటీ నుండి తప్పుకోవలసి వచ్చింది. మార్చిలో ఆల్ ఇంగ్లండు పోటీలలో మళ్ళీ అదే చైనా జోడీ ఎదురై, మూడు గేముల పోరులో రెండవ రౌండులోనే వీరిని ఇంటికి పంపింది.

ఆ తరువాతి వారమే స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో జరిగిన స్విస్ ఓపెన్‌ను వీరు గెలుచుకొన్నారు. మార్చి 26న జరిగిన ఫైనలులో చైనాకు చెందిన రెన్ షియాంగ్యూ - టాన్ చియాంగ్‌పై 21-19, 24-22 తేడాతో విజయం లభించింది. ఇది సూపర్ 300 స్థాయి టోర్నమెంటు మాత్రమే. అయినా గాయం నుండి కోలుకొంటున్న జోడీకి ఈ టైటిల్ అవసరమైన సమయంలో వచ్చింది.

ఆసియా ఛాంపియన్‌షిప్

ఏప్రిల్ చివరి వారంలో దుబాయిలో ఆసియా ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. బాడ్మింటన్‌లో ప్రపంచ స్థాయి జోడీలలో అత్యధికం ఆసియా ఖండానివే కావడం వలన ఈ పోటీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఏమాత్రం తీసిపోదు. క్వార్టర్ ఫైనలులో ఇండోనేషియా దిగ్గజాలు మొహమ్మద్ అహ్సాన్ - హెండ్రా సెతియావాన్‌లను వరుస గేములలో ఓడించారు. సెమీఫైనలులో ఒలింపిక్ విజేతలు లీ యాంగ్ - వాంగ్ చీ లిన్ మొదటి గేము కోల్పోయి, రెండవ గేము మధ్యలో తప్పుకొన్నారు.

ఏప్రిల్ 30న ఫైనలు. ప్రత్యర్థులు మలేషియాకు చెందిన ఓంగ్ యూ సిన్ - తియో ఈ యి. మొదటి గేము 16-21తో చేజారింది. రెండవది 21-17తో, మూడవది 21-19తో గెలిచి వీరు టైటిల్ కైవసం చేసుకొన్నారు. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో దీనికి ముందు భారతదేశానికి లభించిన స్వర్ణం ఒక్కటే. 1965లో లక్నోలో దినేశ్ ఖన్నా పురుషుల సింగిల్స్‌లో గెలిచాడు. అంటే 58 సంవత్సరాల నిరీక్షణ తరువాత రెండవ స్వర్ణం వచ్చింది, డబుల్స్‌లో ఇదే మొదటిది.

ఇండోనేషియా ఓపెన్

ఈ సీజనులో కీలకమైన ఘట్టం జకార్తాలో జరిగింది. ఇండోనేషియా ఓపెన్ సూపర్ 1000 స్థాయి పోటీ. బాడ్మింటన్ ప్రపంచ సమాఖ్య నిర్వహించే వార్షిక పర్యటనలో ఇదే అత్యున్నత శ్రేణి, విజేతకు 12,000 ర్యాంకింగు పాయింట్లు లభిస్తాయి. దీనితో పోలిస్తే సూపర్ 300 విజేతకు దక్కేవి 7,000 మాత్రమే. బాడ్మింటన్‌ను జాతీయ క్రీడలా ఆరాధించే జకార్తా ప్రేక్షకుల హోరు నడుమ ఆడడం ఏ విదేశీ జోడీకైనా పరీక్షే. క్వార్టర్ ఫైనలులో అప్పటి ప్రపంచ ప్రథమ ర్యాంకు జోడీ, స్థానికులు అయిన ఫజర్ అల్ఫియాన్ - ముహమ్మద్ రియాన్ అర్డియాంటోలను 21-13, 21-13తో ఓడించడంతో ఆ హోరు సద్దుమణిగింది. సెమీఫైనలులో కొరియా జోడీ కాంగ్ మిన్ హ్యుక్ - సియో సుంగ్ జేపై మొదటి గేము కోల్పోయి కూడా నెగ్గారు.

జూన్ 18న ఫైనలులో ఎదుట నిలిచినవారు ఆరన్ చియా - సో వూయి యిక్. అంతవరకు ఆడిన ఎనిమిది పోటీలలో ఎనిమిదీ మలేషియా జోడీవే. తొమ్మిదవసారి ఫలితం తారుమారైంది. 21-17, 21-18తో వరుస గేములలో, ముప్పావు గంట కూడా పట్టకుండానే ఆట ముగిసింది. సూపర్ 1000 టైటిల్ గెలిచిన మొదటి భారతీయ డబుల్స్ జోడీగా వీరు చరిత్రకెక్కారు. టైటిల్ విలువ ఒక ఎత్తు, ఎవరిపై గెలిచారన్నది మరొక ఎత్తు. ఈ విజయం తరువాత వీరిని ఏ డ్రాలోనైనా విజేతలు కాగలవారిగానే పరిగణించసాగారు.

కొరియా ఓపెన్, స్మాష్ రికార్డు

జూలైలో యోసు నగరంలో జరిగిన కొరియా ఓపెన్‌లో మొదట లియాంగ్ - వాంగ్ జోడీపై 21-15, 24-22తో సెమీఫైనలు గెలిచి, జూలై 23న ఫైనలులో ఫజర్ - రియాన్ జోడీని 17-21, 21-13, 21-14తో ఓడించారు. సీజను ఆరంభంలో రెండుసార్లు తమను ఓడించిన చైనా జోడీకి ఈ విధంగా బదులు చెప్పినట్లయింది. దీనితో వీరు ప్రపంచ ర్యాంకింగులలో రెండవ స్థానానికి చేరారు.

ఇదే నెలలో సాత్విక్ పేరు మరొక కారణంగా వార్తలలోకి వచ్చింది. 2023 ఏప్రిల్ 14న జపానులోని సైతామా రాష్ట్రం సోకా పట్టణంలో ఉన్న యోనెక్స్ కర్మాగారపు వ్యాయామశాలలో ఇతడు కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లుగా నమోదైంది. పురుషులలో అత్యంత వేగవంతమైన స్మాష్‌గా గిన్నిస్ సంస్థ దీనిని గుర్తించింది. అంతకు ముందు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ 2013లో నెలకొల్పిన 493 కిలోమీటర్ల రికార్డు పదేళ్ళపాటు నిలిచి ఉన్నది.

ఈ అంకె పోటీలో నమోదైనది కాదని, నియంత్రిత పరిస్థితులలో కొలిచినదని గమనించాలి. షటిల్ బరువు ఐదు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. దానికి ఉన్న 16 ఈకలు గాలిని అడ్డగించడం వలన రాకెట్టును విడిచిన వెంటనే ఉన్న వేగం ప్రత్యర్థిని చేరేసరికి బాగా తగ్గిపోతుంది. పత్రికలు ఈ రికార్డుకు ఇచ్చినంత స్థలం స్విస్, కొరియా విజయాలకు ఇవ్వలేదు. నిజానికి ఈ సీజనులోని విజయాలకు స్మాష్ బలం ఎంత కారణమో, సర్వీసు దగ్గరి చిన్న దెబ్బలలో, రక్షణలో వచ్చిన నిలకడ కూడా అంతే కారణం.

ఆగష్టులో కోపెన్‌హాగెన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనలులో డెన్మార్కు జోడీ కిమ్ ఆస్ట్రప్ - ఆండర్స్ స్కారప్ రాస్ముసెన్ చేతిలో 18-21, 19-21తో ఓడి, పతకం లేకుండా తిరిగి వచ్చారు. సెప్టెంబరులో చైనా ఓపెన్ తొలి రౌండులోనే ఓటమి ఎదురైంది.

ఆసియా క్రీడలు

2022లో జరగవలసిన ఆసియా క్రీడలు వాయిదాపడి 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగాయి. పురుషుల జట్ల పోటీలో భారతదేశం మొదటిసారి ఫైనలు చేరింది. అక్టోబరు 1న చైనాతో జరిగిన ఆ ఫైనలులో లక్ష్యసేన్, ఆ తరువాత సాత్విక్ - చిరాగ్ జోడీ గెలవడంతో భారతదేశం 2-0 ఆధిక్యం పొందింది. వెన్నునొప్పితో హెచ్.ఎస్.ప్రణయ్ అందుబాటులో లేడు. శ్రీకాంత్‌తో సహా మిగిలిన మూడు పోటీలలోను ఓటమి ఎదురై, 2-3తో రజతంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

డబుల్స్ వ్యక్తిగత విభాగంలో సెమీఫైనలులో మళ్ళీ చియా - సో జోడీయే ఎదురైంది. ఈసారి 21-17, 21-12తో సులువుగానే నెగ్గారు. అక్టోబరు 7న ఫైనలులో కొరియాకు చెందిన చోయ్ సోల్ గ్యు - కిమ్ వోన్ హో జోడీపై 21-18, 21-16తో గెలిచారు. ఆసియా క్రీడల బాడ్మింటన్‌లో భారతదేశానికి ఏ విభాగంలోనైనా ఇదే మొదటి స్వర్ణం. పురుషుల డబుల్స్‌లో దీనికి ముందు లభించిన పతకం 1982 ఢిల్లీ క్రీడలలో లెరాయ్ డిసా - ప్రదీప్ గాంధే సాధించిన కాంస్యం.

ప్రపంచ ప్రథమ ర్యాంకు

ర్యాంకింగులు గడచిన 52 వారాలలో ఆడిన పోటీలలో పది అత్యుత్తమ ఫలితాల ఆధారంగా లెక్కింపబడతాయి. కాబట్టి ఒక్క గొప్ప వారంతో మొదటి స్థానం రాదు. అక్టోబరు 10న వెలువడిన జాబితాలో వీరు మొదటి స్థానంలో నిలిచారు. నవంబరులో షెన్‌జెన్‌లో జరిగిన చైనా మాస్టర్స్ ఫైనలులో లియాంగ్ - వాంగ్ జోడీ 19-21, 21-18, 19-21తో వీరిని నిలువరించింది. సీజనులో వీరు ఓడిన ఫైనలు ఇదొక్కటే.

తరువాతి కాలం

2024లో ఫ్రెంచ్ ఓపెన్, థాయిలాండ్ ఓపెన్ గెలిచిన వీరు, ఆ సంవత్సరం పారిస్ ఒలింపిక్సు క్వార్టర్ ఫైనలులో చియా - సో చేతిలో మొదటి గేము గెలిచి కూడా ఓడిపోయారు. 2025 ఆగష్టులో అదే పారిస్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనలులో అదే మలేషియా జోడీని ఓడించి, రెండవ ప్రపంచ కాంస్యం పొందారు.

పురస్కారం

ఈ ఇద్దరికీ 2020లో అర్జున పురస్కారం లభించింది. 2023 సీజను విజయాలకుగాను భారత ప్రభుత్వం వీరిని మేజర్ ధ్యాన్‌చంద్ ఖేల్‌రత్న పురస్కారానికి ఎంపిక చేసింది. 2024 జనవరి 9న రాష్ట్రపతి భవన్‌లో ప్రదానోత్సవం జరిగిన సమయంలో వీరు కౌలాలంపూర్‌లో మలేషియా ఓపెన్ ఆడుతుండడం వలన హాజరు కాలేకపోయారు. ఆ పురస్కారాన్ని ఢిల్లీలో అందజేయడానికి 2025 ఫిబ్రవరి 20వ తేదీ నిర్ణయమైంది. ఆ రోజే సాత్విక్ తండ్రి గుండెపోటుతో మరణించాడు.