హతసాక్షుల ఉత్తరాలు: పెద్ద వలలో ఒక భాగాన్ని వేరుచేయుట

ఇంగ్లండులో మేరీ రాణి పాలించిన 1553–1558 సంవత్సరాలలో దాదాపు 280 మంది ప్రొటెస్టంటు విశ్వాసులు సజీవదహనం చేయబడ్డారు. చెరసాలలలో నుండి వారు వ్రాసిన ఉత్తరాలు, వారికి వచ్చిన ఉత్తరాలు కొన్ని నిలిచాయి. రూత్ ఆనర్ట్, సెబాస్టియన్ ఆనర్ట్ అనే పరిశోధకులు అటువంటి 289 ఉత్తరాలను కంప్యూటరు సహాయంతో పరిశీలించి 2015లో ఒక వ్యాసం ప్రచురించారు. సంఘ చరిత్ర విద్యార్థులు వారి పద్ధతిని తెలుసుకొనుట మంచిది.

ఈ పద్ధతిలో ప్రతి వ్యక్తి ఒక చుక్క, ప్రతి సంబంధం ఒక గీత. చుక్కలు వందలకు చేరితే బొమ్మ చిక్కుబడిన నూలుఉండలా ఉంటుంది. అందుచేత దానిలో ఒక భాగాన్ని వేరుచేయాలి. స్లొవేనియాకు చెందిన బతగేల్య్, మ్ర్వార్ 1996లో తయారుచేయ మొదలుపెట్టిన ‘పాయెక్’ (వారి భాషలో సాలీడు) వంటి సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. ఒకరితోనొకరు ఏదో విధంగా కలిసియున్న ముక్కను విడిగా తీయవచ్చు. లేదా గుంపులోని ప్రతివానికి ఆ గుంపులోనే కనీసం ముగ్గురితో సంబంధం ఉండాలని నియమం పెట్టి, గట్టి నడిబొడ్డును మాత్రమే ఉంచవచ్చు. లేదా మనమే అందరికీ తరగతులు పెట్టి, ఒక తరగతిని వేరుచేయవచ్చు.

చిక్కంతా ఈ మూడవదానిలోనే ఉంది. ‘హతసాక్షులు’ అనే తరగతిని మాత్రమే వేరుచేశామనుకోండి. రిడ్లీ, లాటిమర్, బ్రాడ్‌ఫర్డ్ ఉంటారు. లాటిమర్ సేవకుడైన స్విట్జర్లాండు దేశస్థుడు అగస్టీన్ బెర్న్‌హర్ మాయమవుతాడు, ఎందుకంటే అతడు కాల్చబడలేదు. కాని ఒక చెరసాల నుండి మరొక చెరసాలకు ఉత్తరాలు మోసినవాడు అతడే! అతనితోపాటు ఖైదీలను ఆదుకొనిన లండను విధవరాలు జోన్ విల్కిన్సన్ కూడా పోతుంది. పూర్తి వలలోనైతే, ఇద్దరు వ్యక్తుల మధ్య అతి దగ్గర దారులు ఎవరి గుండా ఎక్కువగా పోతున్నాయో లెక్కించినప్పుడు, ఉత్తరాలు మోసేవారు, డబ్బు పంపేవారు ప్రసిద్ధ హతసాక్షుల సరసన నిలుస్తారని ఆనర్ట్‌లు చూపించారు. కాబట్టి ఈ లెక్క వేరుచేయక ముందే వేయాలి. తరువాత వేస్తే వచ్చేది మనం కోసిన ముక్కను గూర్చిన అంకెయే.

ఇటువంటి కోత కంప్యూటరుతో మొదలుకాలేదు. ఎలిజబెత్ కాలపు హతసాక్షి చరిత్రకారులు, అనగా 1563లో తన గ్రంథం వెలువరించిన జాన్ ఫాక్స్ వంటివారు, సహాయం చేసిన స్త్రీల పాత్రను తగ్గించి చూపారని థామస్ ఫ్రీమన్ 2000లో వివరించాడు. (రోమా 16లో ఫీబేను అందరికంటె ముందు పేర్కొన్న పౌలు ఆ విషయంలో మేలు.)

సాఫ్ట్‌వేర్‌కు కూడ ఒక హద్దు ఉంది. నిలిచిన ఉత్తరాలనే అది ఎరుగును. ఆ స్త్రీలకు హతసాక్షులు వ్రాసినవి దాచబడినంతగా, స్త్రీలు తిరిగి వ్రాసినవి దాచబడలేదు.