ఏలూరు క్యాజువాలిటీ గుమ్మంలో

2020 డిసెంబర్ 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే కూలిపోతున్నారు. కళ్లు తేలేసి, నోట నురగలు కక్కుతూ మూడు నుంచి అయిదు నిమిషాలు ఫిట్స్. ఒకరి తర్వాత ఒకర్ని సర్కారు ఆసుపత్రికి మోసుకొస్తున్నారు.

ఆ గుమ్మంలో ఒక తండ్రిని ఊహించుకోండి. కూతుర్ని భుజాన వేసుకొచ్చాడు. అతని చొక్కా మీద పిల్ల నురగ ఇంకా ఆరలేదు.

"డాక్టరుగారండీ, ముందు మా పాపను చూడండి!"

"ఫిట్స్ ఆగిపోయాయి కదండీ. అలా బెంచీ మీద పడుకోబెట్టండి."

అంతలో వెనక వచ్చిన స్ట్రెచర్‌ను తిన్నగా లోపలికి తోసుకుపోయారు. తండ్రి గొంతు లేచింది.

"మేం ముందొచ్చామండీ! మేం మనుషులం కాదా?"

లోపలి లెక్క వేరు. ఫిట్స్ ఆగనివాళ్లు ముందు, తెలివొచ్చినవాళ్లు తర్వాత. వైద్యం ప్రకారం అదే సరైన పద్ధతి. కానీ రేషన్ షాపు దగ్గరా, బ్యాంకులోనూ ముందొచ్చినవాడిదే ముందు వంతని నేర్చుకున్న మనిషికి ఆ లెక్క ఎవరు చెప్పాలి? చెప్పకపోతే, కళ్లెదుట తన బిడ్డకు అన్యాయం జరిగినట్టే ఉంటుంది. ఇలాంటి కేకను రౌడీతనం అంటే నేను ఒప్పుకోను. అది భయం.

పైగా ఆ రోజు "ఏమైందండీ?" అంటే డాక్టర్ల దగ్గరా జవాబు లేదు. కోవిడ్ పరీక్షల్లో నెగెటివ్. సీటీ స్కాన్లు మామూలుగానే ఉన్నాయి. ఊరంతా 'వింత వ్యాధి' అనుకుంది. మొత్తం మీద 600 మందికి పైగా పడ్డారు. ఎక్కువమంది త్వరగానే తేరుకున్నారు. 45 ఏళ్ల ఒకాయన చనిపోయారు. జవాబు లేనప్పుడు కూడా ఒకరు బయటికొచ్చి, "ఇంకా తెలియలేదండీ, మీ పాప ప్రాణానికి ఇప్పుడు భయం లేదు, గంటలో మళ్లీ చూస్తాం" అనొచ్చు. దానికి మందులక్కర్లేదు, మంచాలక్కర్లేదు. ఒక మనిషి కావాలి. మన క్యాజువాలిటీల్లో ఆ పనికి మనిషిని పెట్టడం ఎక్కడోగానీ కనపడదు.

భయం దుఃఖంగా మారితే ఏమవుతుందో 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో చూశాం. ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై, ప్రెషర్ పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు పోయారు. బంధువులు ఐసీయూలోకి చొరబడి సామగ్రి పగలగొట్టారు. ఏ తప్పూ చేయని నర్సులూ డాక్టర్లూ ప్రాణభయంతో పరుగెత్తారు. ఆ విధ్వంసాన్ని సమర్థించను. ట్యాంకర్ రాలేదని ముందే తెలిసినవాళ్లు గేటు దగ్గరికొచ్చి నోరు విప్పాల్సిందని మాత్రం అంటాను.

ఇంతకీ, ఏలూరు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ తేల్చింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ప్రభుత్వానికి చెప్పేసరికి డిసెంబర్ 16 అయింది.