ఉంగరానికి గులాబీ రంగు రాయి కొంటున్నారా? రంగు సరే, రాయి పేరేంటో ముందు అడగండి

నగల దుకాణానికి వెళ్లి "పింక్ స్టోన్ ఉంగరం చూపించండి" అంటే ట్రేలో పది ఉంగరాలు తెచ్చి పెడతారు. చూపుకి అన్నీ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అందులో ఒకదానిలో ఉన్నది కొన్ని వందల రూపాయల రాయి కావచ్చు, పక్కదానిలో ఉన్నది లక్ష దాటిన రాయి కావచ్చు. ఎందుకంటే పింక్ అనేది రాయి పేరు కాదు, రంగు పేరు. ఆ రంగులో వజ్రం ఉంది, నీలం జాతి రాయి ఉంది, పలుగురాయి ఉంది, చివరికి గాజు కూడా ఉంది.

మంగ్నీకి పెట్టే ఉంగరమైనా, పెళ్లయ్యాక దుల్హన్‌కి ముహ్ దిఖాయిగా ఇచ్చేదైనా, పెళ్లిరోజుకి భార్య కోసం కొనేదైనా ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. కొన్ని ఇళ్లలో నగల్ని మహర్ కిందే రాస్తారు. అప్పుడు ఆ ఉంగరం ఆమె హక్కు, దాని విలువ ఎంతో కాగితం మీద ఉంటుంది. ఇక కష్టకాలంలో అమ్మబోతే దుకాణదారు బంగారం తూకం వేసి, రాయిని పక్కన పెట్టేయడం మామూలే. పేరూ, కాగితమూ లేని రాయికి ఆ రోజు దాదాపు ఏమీ రాదు.

పేర్లలోనే తిరకాసు

మన రెండు భాషల్లోనూ ఈ రాళ్లకి పాత పేర్లున్నాయి. గందరగోళం కొంత అక్కడి నుంచే వస్తుంది. ఉర్దూలో యాఖూత్ అంటే కెంపు. లాల్ అంటే కూడా కెంపే అనుకుంటాం గానీ, పాతరోజుల్లో లాల్-ఎ-బదఖ్షాన్ అని పేరుపడ్డది చాలావరకు స్పినెల్ అనే వేరే రాయి. మొఘల్ బాద్షాలు తమ పేర్లు చెక్కించుకున్న 'తైమూర్ రూబీ' కూడా నిజానికి స్పినెలే. ఇప్పుడది బ్రిటన్ రాజకుటుంబం దగ్గరుంది. అంటే లాల్‌ని కెంపు అనుకుని పొరబడటం ఇవాళ్టి సంగతి కాదు, రాజులూ పడ్డారు.

తెలుగులో పద్మరాగం అంటే కెంపు. రత్నాల బజారులో 'పద్‌పరాద్‌షా' అని వినిపించేది ఆ మాట నుంచే పుట్టింది గానీ అది కెంపు కాదు. గులాబీ, నారింజ కలిసిన తామరపువ్వు ఛాయలో ఉండే అరుదైన సఫైర్. శ్రీలంక దానికి పేరుపొందిన చోటు. ఈ పేరు తగిలించి మామూలు పింక్ రాయికి రెండింతలు అడిగితే, ఆ పేరు ల్యాబ్ కాగితంలో ఉందో లేదో చూడాలి.

ఇంకో చిక్కు పింక్ సఫైర్‌కీ కెంపుకీ మధ్య ఉన్న గీత. రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం. రెండింటికీ రంగునిచ్చేది క్రోమియమే. ఎరుపు చిక్కగా ఉంటే కెంపు, పలచబడితే పింక్ సఫైర్. ఎక్కడ కెంపు ఆగి పింక్ మొదలవుతుందో వ్యాపారులకీ ల్యాబులకీ కూడా ఒక్కో చోట ఒక్కో మాట. అమ్మేవాళ్లకి 'రూబీ' అన్న పేరు లాభం కాబట్టి లేత రాయిని కూడా అలా పిలవాలనిపిస్తుంది.

ఉంగరం వేరు, కమ్మలు వేరు

కమ్మలు, లాకెట్ దేనికీ రాసుకోవు. ఉంగరం అలా కాదు. గిన్నెలు తోముతుంది, తలుపుకి తగులుతుంది, బస్సు రాడ్ పట్టుకుంటుంది, రోజుకి ఐదుసార్లు వజూ నీళ్లలో తడుస్తుంది. అందుకే ఉంగరానికి రాయి గట్టిదనం మొదట చూడాలి. దీన్ని మోస్ స్కేల్ మీద 1 నుంచి 10 వరకు కొలుస్తారు. వజ్రం 10, కురువిందం 9, స్పినెల్ 8. ఇంట్లో గాలికి లేచే దుమ్ములో పలుగురాయి రేణువులుంటాయి, వాటి గట్టిదనం 7. అంటే ఏడు కంటే మెత్తని రాయి మీద దుమ్ము తుడిచినా సన్నని గీతలు పడతాయి. రెండు మూడేళ్లలో మెరుపు చచ్చిపోతుంది.

రోజూ పెట్టుకునే చేతికైతే మా సలహా పింక్ సఫైర్, లేదా పింక్ స్పినెల్. సఫైర్ శ్రీలంక, మడగాస్కర్ల నుంచి ఎక్కువగా వస్తుంది. రంగు తేట కోసం దాన్ని కొలిమిలో కాల్చడం వ్యాపారంలో మామూలు, అది మోసం కాదు. కాకపోతే కాల్చారో లేదో చెప్పాలి, ఎందుకంటే కాల్చని మంచి రాయికి ధర ఎక్కువ. స్పినెల్‌ని సాధారణంగా కాల్చరు. ఉన్న రంగు ఉన్నట్టే భూమిలోంచి వచ్చిందన్నమాట. టాంజానియాలోని మహెంగే ప్రాంతపు స్పినెల్‌లో ఉండే నిప్పులాంటి గులాబీ రంగు ఒకసారి చూస్తే మర్చిపోలేం. పేరు తెలియక మనవాళ్లు దీన్ని తక్కువగా అడుగుతారు గానీ, లాల్ అంటే ఇదేనని చెబితే ఇంట్లో పెద్దవాళ్లకి వెంటనే నచ్చుతుంది.

బడ్జెట్ తక్కువైతే మోర్గనైట్ చూడొచ్చు. పచ్చకి చుట్టం ఇది, ఇద్దరిదీ బెరిల్ కుటుంబం. 1910లో మడగాస్కర్‌లో దొరికింది, అమెరికా బ్యాంకర్ జె.పి. మోర్గన్ పేరు పెట్టారు. గట్టిదనం ఏడున్నర నుంచి ఎనిమిది దాకా. దీని రంగు చాలా లేత. చిన్న రాయిలో అయితే రంగే కనపడదు, పెద్దది తీసుకోవాల్సిందే. రోజ్ గోల్డ్‌లో బిగించి అమ్మేదీ అందుకే, లోహంలోని రాగి ఛాయ రాయికి అరువొస్తుంది. మన చామనఛాయ చేతుల మీద లేత మోర్గనైట్ కంటే కాస్త ముదురు పింక్ బాగా నిలుస్తుందని మా అభిప్రాయం. పెట్టుకునే వాళ్ల ఇష్టం వేరే అయితే అదే లెక్క.

టూర్మలిన్‌లో పింక్ చాలా అందంగా ఉంటుంది, గట్టిదనం ఏడు, ఏడున్నర. పండగలకీ శుభకార్యాలకీ తీసి పెట్టుకునే ఉంగరానికి సరిపోతుంది. రోజ్ క్వార్ట్జ్ చౌక, పాలు కలిసిన గులాబీలా మసకగా ఉంటుంది. కాలేజీ పిల్లకి వెండి ఉంగరంలో ఇస్తే ముచ్చటగానే ఉంటుంది. కుంజైట్ మాత్రం ఉంగరానికి వద్దు. అఫ్గానిస్తాన్ నుంచి పెద్ద పెద్దవి వస్తాయి, ధర చూసి ఆశపడతాం. కానీ గట్టి దెబ్బ తగిలితే కట్టె చీలినట్టు చీలుతుంది, పైగా ఎండలో ఉంచితే రంగు దిగిపోతుంది. హైదరాబాద్ ఎండకి ఆ రాయి మనది కాదు.

పింక్ వజ్రం గురించి ఒక మాట. ప్రపంచంలో పేరున్న పింక్ వజ్రాలు కొన్ని మన నేల మీదివే. టెహ్రాన్‌లో ఉన్న దరియా-ఎ-నూర్ లేత గులాబీ రంగు గోల్కొండ వజ్రం, 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి పట్టుకుపోయాడు. నిజాం దగ్గరుండిన 34.65 క్యారెట్ల 'ప్రిన్సీ' 2013లో న్యూయార్క్ వేలంలో 3 కోట్ల 93 లక్షల డాలర్లకి పోయింది. ఆస్ట్రేలియాలో పింక్ వజ్రాలకి పేరుబడ్డ ఆర్గైల్ గని కూడా 2020లో మూతపడింది. కాబట్టి మామూలు ధరకి 'పింక్ డైమండ్' అంటే అది ల్యాబ్‌లో పెంచినదో, రంగు ఎక్కించినదో, లేక అమెరికన్ డైమండ్ అని మనం పిలిచే క్యూబిక్ జిర్కోనియానో అయివుంటుంది. ల్యాబ్ వజ్రం నకిలీ కాదు, అదీ వజ్రమే. ల్యాబ్‌దని చెప్పి అమ్మితే కొనడంలో తప్పు లేదు.

ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి

దుకాణంలో సంభాషణ ఇలా నడుస్తుంది. "భాయ్, ఇది ఏ రాయి?" "పింక్ స్టోన్ సార్, ఒరిజినల్." అక్కడ ఆగిపోవద్దు. "ఒరిజినల్ ఏంటి? సఫైరా, టూర్మలినా? భూమిలోదా, ల్యాబ్‌దా? కాల్చిందా, గాజు నింపిందా?" అని అడగండి. గాజు నింపడం అంటే, పగుళ్లున్న నాసిరకం కెంపులోకి, ముదురు పింక్ రాయిలోకి సీసం కలిసిన గాజు కరిగించి పోస్తారు. చూపుకి తళతళలాడుతుంది. నిమ్మరసం లాంటి పులుపు తగిలినా, కంసాలి సైజు మార్చడానికి వేడి చేసినా ఆ గాజు పాడై లోపలి పగుళ్లు బయటపడతాయి. వంటింట్లో ఆ ఉంగరం ఎన్నాళ్లుంటుందో మీరే ఊహించుకోండి.

ల్యాబ్ సఫైర్‌ని కంటితో పట్టడం మనవల్ల కాదు. వందేళ్లకి పైగా ఫ్యాక్టరీల్లో తయారవుతోంది, గట్టిదనమూ రసాయనమూ అసలు దానివే. లోపల ఒక్క మచ్చా లేకుండా, పెద్దగా, చౌకగా ఉంటే అనుమానించాల్సిందే. ధర వేలల్లోకి వెళ్లిందంటే జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్ రిపోర్టు అడగండి. రిపోర్టు నంబరు ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. బరువు, కొలతలు రాయితో కలవాలి. దుకాణం సొంతంగా అచ్చేసిన కార్డు సర్టిఫికెట్ కాదు.

పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్ వైపు పాతకాలపు పనితనంలో రాయి వెనక భాగం మూసేసి, లోపల మెరిసే రేకు పెట్టి బిగిస్తారు. అందం దానిదే. కానీ ఆ రేకు లేత రాయిని ముదురుగా చూపిస్తుంది, ల్యాబ్‌కి కూడా పరీక్ష కష్టం. ఖరీదైన రాయి అయితే విడిగా కొని, కాగితం తీసుకుని, తర్వాతే బిగించమనండి. రంగు చూసేటప్పుడు దుకాణం లైట్ల కింద చూసి మురిసిపోకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో వేలికి పెట్టి చూడాలి.

బరువు దగ్గర రెండు జాగ్రత్తలు. రాయిని రత్తీల్లో చెబితే ఒప్పుకోకండి. రత్తీ అంటే మన గురిగింజ ఎత్తే, కానీ కొందరు 120 మిల్లీగ్రాములకి కాస్త పైన లెక్కిస్తారు, కొందరు 180 దాటిస్తారు. ఐదు రత్తీల రాయి ఒక లెక్కలో మూడు క్యారెట్లు, ఇంకో లెక్కలో నాలుగున్నర. క్యారెట్ మాత్రం ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. రెండోది, బిల్లులో మొత్తం బరువు, రాయి తీసేసిన బంగారం బరువు విడివిడిగా ఉండాలి. లేదంటే మూడు క్యారెట్ల రాయికి 0.6 గ్రాము బంగారం ధర కట్టినట్టే. జకాత్ లెక్కకీ ఇది పనికొస్తుంది. హనఫీ ఫిఖ్‌హ్‌లో సొంతానికి పెట్టుకునే రత్నాల మీద జకాత్ లేదు, బంగారం మీద మాత్రం లెక్కకొస్తుంది.

హాల్‌మార్క్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి బంగారు నగల మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. అయితే అది చెప్పేది బంగారం స్వచ్ఛత గురించే, రాయి గురించి ఒక్క ముక్క చెప్పదు. రాయి ఉంగరానికి 22 క్యారెట్ల కంటే 18 క్యారెట్ల బంగారం మేలు, రాయిని పట్టుకునే కొక్కేలు తొందరగా వంగవు. దుల్హాకి ఇచ్చేదైతే వెండిలో చేయించండి, మగవాళ్లకి బంగారం మనకి లేదు కదా.

ఈ రాయి పెడితే అదృష్టం, ఆ రాయి పెడితే సంసారం బాగుంటుంది అంటూ ధర పెంచే మాటలు పట్టించుకోకండి. ఆ మాటలకి ల్యాబ్ రిపోర్టు ఉండదు.

చెప్పకుండా కొని ఇవ్వాలంటే సైజు సమస్య. ఏ వేలికి పెడతారో అదే వేలి ఉంగరం ఒకటి వాళ్ల వదినతోనో చెల్లెలితోనో తెప్పించుకుంటే పని అయిపోతుంది. ఎండాకాలం, సాయంత్రం పూట వేళ్లు కాస్త ఉబ్బుతాయి, మరీ బిగుతుగా చేయించొద్దు. వజూలో కిందికి నీళ్లు చేరాలన్నా వదులుండాలి. చుట్టూతా రాళ్లు పొదిగిన డిజైన్ తీసుకుంటే తర్వాత సైజు మార్చడం దాదాపు కుదరదు. సైజు సరిగ్గా తెలియకపోతే ఒకటే రాయి ఉన్న సాదా ఉంగరం తీసుకుని, మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తని బ్రష్ చాలు. ఏడాదికోసారి కొక్కేలు వదులయ్యాయేమో కంసాలికి చూపించాలి. చెవి దగ్గర పెట్టి మెల్లగా కొడితే రాయి కదులుతున్న చప్పుడు మనకే వినిపిస్తుంది, అలా వినిపిస్తే ఆ రోజు నుంచి పెట్టుకోవద్దని చెప్పండి.