పాతిపెట్టి బతికించిన చెట్టు

కార్తీకం వెళ్లే రోజుల్లో న్యూజెర్సీలోనూ, న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనూ కొన్ని పాత ఇటాలియన్ కుటుంబాలు తమ పెరట్లో బతికున్న చెట్టును గొయ్యి తీసి పాతిపెడతాయి. ఉగాది దాటాక మన్ను తీసి, లేపి నిలబెడతాయి. ఆగస్టు, సెప్టెంబరు నాటికి ఆ చెట్టు పళ్లు కాస్తుంది. అది అంజూర చెట్టు. అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు, “మావయ్యా, పక్కింటి తాత చెట్టును పడుకోబెట్టి మన్ను కప్పుతున్నాడు, చూస్తావా?” అంటూ వీడియో కాల్ చేశాడు. ఆ రోజు నుంచి ఈ సంగతి నన్ను వదల్లేదు.

మాది నూజెండ్ల. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మా పల్నాడు జిల్లాలోదే. మా వైపు మామిడి మొక్క నాటితే మేకలు రాకుండా చుట్టూ కంప కట్టి, ఎండ తగలకుండా పైన తాటిమట్టలు కప్పుతాం. చెట్టును వేడి నుంచి కాపాడటం మాకు తెలుసు. చలి నుంచి కాపాడటానికి ఏకంగా భూమిలో దాచడం మా ఊహకు అందని పని.

ఆ పని ఎలా చేస్తారో వివరంగా చెప్పాలి. ఆకు రాలిపోయాక అదనపు కొమ్మలు కొట్టేసి, మిగిలినవాటిని తాడుతో దగ్గరకు లాగి కడతారు. చెట్టు పక్కనే దాని పొడవుకు సరిపడా, రెండడుగుల లోతున కందకం తవ్వుతారు. తర్వాత కందకం వైపునా, దాని ఎదుటి వైపునా వేళ్లను పారతో తెగ్గొడతారు. మిగతా రెండు పక్కల వేళ్ల జోలికి పోరు. తలుపుకు మడతబందుల్లా ఆ వేళ్లే చెట్టును పట్టుకుంటాయి. అప్పుడు ఇద్దరు మనుషులు మొదలును మెల్లగా వంచి చెట్టును కందకంలో పడుకోబెడతారు. పైన చెక్కలు, ఎండుటాకులు, ఆపైన మన్ను, వాన దిగకుండా పట్టా. చెట్టు ముదిరి వంగనని మొండికేస్తే నిలబెట్టే గోనెలు, పాత తివాచీలు చుట్టి, లోపల ఆకులు కూరి, నెత్తిన బకెట్టు బోర్లిస్తారు. 1880 నుంచి 1924 దాకా దాదాపు నలభై లక్షల మంది ఇటాలియన్లు అమెరికా చేరారు. ఎక్కువ మంది దక్షిణ ఇటలీ, సిసిలీల పేద రైతులు. అంజూర కొమ్మలు వాళ్లతోపాటు వెళ్లాయి. విరిచి నేలలో గుచ్చితే వేరు పట్టే చెట్టు కాబట్టి ఒక ముక్క చాలు, తోటంతా వెంట ఉన్నట్టే.

చీకట్లో నాలుగు నెలలు పాతిపెడితే చెట్టు ఎందుకు చావదు? అంజూర ఆకు రాల్చే జాతి. చలి ముదిరేసరికి నిద్రలోకి పోతుంది. ఆకే లేనప్పుడు వెలుగుతో పని లేదు. నిద్రలో ఉన్న కొమ్మ సుమారు సున్నాకు పది డిగ్రీల దిగువ దాకా ఓర్చుకుంటుంది. అది దాటితే పైభాగం మాడిపోతుంది, వేరు మాత్రం మట్టి వెచ్చదనంలో బతికి మళ్లీ చిగురు వేస్తుంది. చిక్కు ఎక్కడంటే, అంజూర రెండు కాపులు కాస్తుంది. పాత కొమ్మ మీద ముందు కాపు, ఆ ఏటి కొత్త కొమ్మ మీద అసలు కాపు. కొమ్మలన్నీ చచ్చి మళ్లీ నేల నుంచి మొదలైతే ముందు కాపు ఉండదు, అసలు కాపు పండేలోపు మంచు వచ్చేస్తుంది. అందుకే కొమ్మలను దాచే ఈ శ్రమంతా. ‘చికాగో హార్డీ’ అనే రకం మాత్రం నేలమట్టానికి మాడినా అదే ఏడు కొత్త కొమ్మ మీద కాసి పండిస్తుంది. దాని మరో పేరు ‘బెన్సన్‌హర్స్ట్ పర్పుల్’. బెన్సన్‌హర్స్ట్ అంటే బ్రూక్లిన్‌లో ఒకప్పటి ఇటాలియన్ల పేట.

ఇదే ఉపాయం కరివేపాకుకు కుదరదు. న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఇళ్లలో కరివేపాకు కుండీలు అక్టోబరులో లోపలికి వచ్చి కిటికీ పక్కన చేరేది అందుకే. అది ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు కాదు. పాతిపెడితే కుళ్లిపోతుంది.

చెట్టును పాతిపెట్టడం ఇటాలియన్లు కొత్తగా కనిపెట్టింది కాదు. ఉజ్బెకిస్తాన్‌లో దానిమ్మ, ద్రాక్ష, అంజూర మూడింటినీ చలికాలం మట్టి కింద దాచడం పాత అలవాటు. అయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఫ్రాన్స్‌ది, పదిహేడో శతాబ్దంది. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పద్నాలుగో లూయీకి అంజూర అంటే ప్రాణం. ఆయన వెర్సయ్ కోట మాత్రం పారిస్ చలిలో ఉంది. (1879 డిసెంబరు 10న పారిస్‌లో మైనస్ 23.9 డిగ్రీలు నమోదైంది. ఆ నేల ఎంతకు తెగించగలదో దీన్నిబట్టి చూడండి.) రాజుగారి పళ్లు, కూరగాయల తోటలన్నీ జాఁ బప్టిస్ట్ ద లా క్వాంతినీ అనే మనిషి చేతిలో ఉండేవి. ఆయన చదివింది న్యాయశాస్త్రం. ఒక పెద్దింటి కుర్రాడికి గురువుగా ఇటలీ వెళ్లి, అక్కడి తోటలు చూసి, నల్లకోటు వదిలేసి మట్టి పట్టాడు. మొదట ఆర్థికమంత్రి ఫూకే తోట చూసుకున్నాడు. 1661లో ఫూకే ఖైదయ్యాక రాజుగారి కొలువులో చేరాడు. తోట వేయమని ఆయనకిచ్చిన చోటు కంపు కొట్టే చెరువు. జనం దాన్ని పిలిచింది కూడా ఆ పేరుతోనే. నీరు తోడించి, మంచి మన్ను తోలించి, ఎత్తయిన గోడలు కట్టించి, 1678 నుంచి 1683 మధ్య సుమారు తొమ్మిది హెక్టార్ల తోట లేపారు. అది ఇప్పటికీ ఉంది.

ఆ తోటలో అంజూరకంటూ విడిగా, నేలమట్టానికి దిగువన, గాలి తగలని ఒక ఆవరణ ఉండేది. చెక్క తొట్లలో ఏడు వందలకు పైగా అంజూర చెట్లు. చలి రాగానే తొట్లన్నిటినీ కప్పు కిందికి చేర్చేవారు, ఎండ ముదరగానే బయటికి తెచ్చేవారు. ఏడు వందల చెట్లను ఏటా రెండుసార్లు మోసిన కూలీల నడుములను తలచుకుంటేనే నాకు నొప్పి పుడుతుంది. రాజాశ్వశాలల్లో పచ్చి పేడకు కొదవ లేదు. అది పులిసేటప్పుడు పుట్టే వేడిని లా క్వాంతినీ తోటపనికి వాడుకున్నాడు. దక్షిణపు ఎండకు ఎదురుగా ఉన్న గోడ పగలంతా వేడెక్కి రాత్రి ఆ వేడిని చెట్టుకు వదులుతుందని లెక్క కట్టి నాటించాడు. డిసెంబరులో ఆస్పరాగస్, మార్చిలో స్ట్రాబెర్రీ రాజు బల్ల మీదికి చేర్చిన మనిషి ఆయన. 1687లో రాజు ఆయనకు ప్రభు హోదా ఇచ్చాడు, మరుసటేడే ఆయన పోయాడు. తోటపని మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1690లో వెలువడింది. 1693లో ఇంగ్లీషు రచయిత జాన్ ఈవ్లిన్ పేరుతో అది ఇంగ్లీషులోకి వెళ్లింది. తెలిసిన పనిని రహస్యంగా దాచుకోకుండా, ఎక్కడ ఏ కొమ్మ కొయ్యాలో కారణంతో సహా రాసిపెట్టాడు. నా దృష్టిలో తొట్ల కన్నా గొప్ప పని ఇదే.

రాజుకు ఏడు వందల తొట్లు, వాటిని మోసే మనుషులు ఉన్నారు. అదే పారిస్‌కు వాయవ్యాన, సేన్ నది ఒడ్డున అర్జంతుయ్ అనే ఊళ్లోని ద్రాక్ష రైతులకు అవేవీ లేవు. వాళ్లు అంజూరను నేలలోనే వేశారు. మొక్కను గుంటలో నాటి, ఒకే మొదలుగా కాక నాలుగైదు కొమ్మల పొదగా పెంచేవారు. నవంబరులో కొమ్మలను కట్టలు కట్టి, కందకాల్లోకి వంచి మట్టి కప్పేవారు. చలి తగ్గాక, మబ్బు పట్టిన రోజు చూసి మట్టి తీసేవారు. అన్నాళ్లు చీకట్లో ఉన్న లేత బెరడుకు ఒక్కసారిగా ఎండ తగిలితే దెబ్బ తింటుంది మరి.

ఆగస్టులో మరో నేర్పు. కాయ పక్వానికి దగ్గరపడినప్పుడు గడ్డిపరక కొసతో ఒక్క చుక్క ఆలివ్ నూనె దాని కన్ను మీద అద్దుతారు. అంజూర కొసన సన్నని రంధ్రం ఉంటుంది, దాన్నే కన్ను అంటారు. నూనె తగిలిన కాయ మిగతావాటి కన్నా వారం, పది రోజులు ముందు పండుతుంది. కాయలో పక్వవాయువు ఎథిలీన్ ఊరడం దీనికి కారణమని ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. గడ్డిపరకతో అద్దిన రైతుకు ఆ పేరు తెలియదు. ఏ కాయకు అద్దాలో, ఏ రోజు అద్దాలో మాత్రం కంటిచూపుతో తెలుసు. తొందరపడితే కాయ చప్పబడిపోతుంది.

1851లో అర్జంతుయ్‌కి రైలొచ్చింది. 1870లలో చిత్రకారుడు మొనే అక్కడే కాపురముండి ఆ నదిని, వంతెనలను, పడవలను బొమ్మలు గీశాడు. తర్వాత ఫ్యాక్టరీలు, ఇళ్లు వరుసగా వచ్చి ద్రాక్షతోటలను, అంజూర కందకాలను కలిపి మింగేశాయి. ‘అర్జంతుయ్ తెల్లది’ అన్న పేరుతో ఆ రకం నర్సరీల్లో ఇంకా దొరుకుతుంది. మబ్బు చూసి మట్టి తీసిన ఊరు మాత్రం పోయింది. మొక్కను కొనుక్కోవచ్చు, ఆ చేతివాటాన్ని ఏ దుకాణంలో కొంటాం?

ఇంగ్లండ్ దారి వేరు. అక్కడ గోడ పక్కన గుంట తీసి, నాలుగు వైపులా రాతిపలకలు దించి, అడుగున ఇటుక ముక్కలు పోసి, వేళ్లు ఎటూ పాకకుండా కట్టేస్తారు. వేరు ఇరుకైతే చెట్టు ఆకుల మీద ధ్యాస తగ్గించి కాపు మీద పెడుతుంది. శరదృతువులో పెద్ద కాయలన్నీ తుంచి, కొమ్మ చివర బఠాణీ గింజంతవి మాత్రం వదిలేస్తారు. మరుసటి వేసవికి పండేవి అవే. ఆక్స్‌ఫర్డ్ క్రైస్ట్ చర్చి కళాశాలలో 1648లో ఎడ్వర్డ్ పోకాక్ అనే హీబ్రూ పండితుడు నాటిన సిరియా అంజూర నేటికీ ఉంది.

ఇక వెనక్కి పోతే శతాబ్దాలు గబగబా దొర్లిపోతాయి. 800 ప్రాంతంలో షార్లమేన్ చక్రవర్తి ఎస్టేట్లలో నాటాల్సిన చెట్ల పట్టికలో అంజూర పేరుంది. రోమన్ రచయిత ప్లినీ తన కాలంలోనే 29 రకాలు లెక్కపెట్టాడు. శత్రునగరం కార్థేజ్‌ను నాశనం చెయ్యాలని పట్టుబట్టిన రోమన్ నేత కేటో సెనేట్‌లో ఒక తాజా అంజూరను చూపించి, ఇది కార్థేజ్‌లో కోసి మూడు రోజులే అయింది, శత్రువు అంత దగ్గరున్నాడు అన్నాడట.

మనకు దగ్గరి కథ ఇంకోటి ఉంది. అశోకుడి తండ్రి బిందుసారుడు సిరియా రాజు ఆంటియోకస్‌కు కబురంపి మూడు కోరాడు: తీపి ద్రాక్షసారాయి, ఎండు అంజూర, ఒక తత్త్వవేత్త. మొదటి రెండూ పంపుతాం, తత్త్వవేత్తలను అమ్మడం గ్రీకుల ధర్మం కాదు అని జవాబొచ్చింది. అథీనియస్ అనే గ్రీకు రచయిత దీన్ని భద్రపరిచాడు. అంటే రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే పాటలీపుత్రంలో ఎండు అంజూర మీద మోజు ఉంది. కాందహార్ నుంచి దండలుగా గుచ్చి వచ్చే అంజీర్ ఇప్పటికీ హైదరాబాద్ బేగంబజారులో వేలాడుతూ కనిపిస్తుంది.

బిందుసారుడు విదేశీ అంజూర కోరాడు కానీ, దాని సొంత బంధువు మన నేల మీదే ఉంది. అది మేడి. బైబిల్లో జక్కయ్య యేసును చూడటానికి మేడిచెట్టు ఎక్కిన కథ పల్నాటి చర్చిల్లో పిల్లలందరికీ తెలుసు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు మకాం మార్చినప్పటి నుంచి ఆ కథ ఈ నేలలో ఉంది. జక్కయ్య ఎక్కిన చెట్టు, మన మేడి, న్యూజెర్సీలో పాతిపెట్టే అంజూర మూడూ ఒకే కుటుంబం. వేమన పద్యం మేడిపండు పొట్టలోని పురుగులను పిరికివాడి బింకానికి పోలికగా నిలిపింది. ఆ పురుగులను నేను వెనకేసుకొస్తాను. ఈ కుటుంబంలో పువ్వులన్నీ పండు లోపలే పూస్తాయి. నలుసంత ఆడ కందిరీగ కంటి గుండా దూరి, ఆ ఇరుకులో రెక్కలు తెగిపోయినా లోపలికి పోయి పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. దాని పిల్లల్లో ఆడవి పుప్పొడి పూసుకుని మరో పండుకు ఎగురుతాయి. ఆ పురుగే లేకపోతే మేడికి విత్తనం లేదు.

స్మిర్నా అనే అంజూర రకానిదీ అదే పరిస్థితి. 1880లలో కాలిఫోర్నియా రైతులు స్మిర్నా కొమ్మలు తెచ్చి నాటితే చెట్లు పెరిగాయి, కాయలు పండకుండా రాలిపోయాయి. 1899లో ఆ కందిరీగను అల్జీరియా నుంచి తెచ్చి ఫ్రెస్నోలో జార్జ్ రోడింగ్ తోటలో నిలదొక్కుకునేలా చేశాకే పళ్లు నిలిచాయి. చలిదేశంలో ఆ పురుగు బతకదు. అందుకే న్యూజెర్సీ కందకంలో పడుకునే అంజూర పురుగుతో పని లేకుండా పండే రకం. అలాంటి రకాన్ని మనిషి ఎప్పుడు ఏరుకున్నాడు? జోర్డాన్ లోయలోని గిల్గాల్‌లో 11,400 ఏళ్ల నాటి తొమ్మిది మాడిన అంజూర పళ్లు దొరికాయి. అవి పురుగు లేకుండా పండిన రకమనీ, మనుషులు కొమ్మలు గుచ్చి పెంచినవేననీ 2006లో ముగ్గురు శాస్త్రవేత్తలు రాశారు. అదే నిజమైతే గోధుమ సాగుకు ముందే మనిషి చెట్టు నాటాడు. కాదు, అడవిలో ఏరుకున్నవీ కావచ్చని మరికొందరు అభ్యంతరం చెప్పారు.

మా వైపు మేడి చెట్లు బావుల దగ్గర, వాగుల ఒడ్డున ఉండేవి. వరాహమిహిరుడి బృహత్సంహితలో భూమి లోపలి నీటి గురించిన అధ్యాయం మేడిని నీటి జాడల్లో ఒకటిగా చెబుతుంది. ఇప్పుడు బావులు పూడ్చి బోర్లు వేస్తున్నాం, బోరు లారీ తిరగడానికి అడ్డమని అదే చెట్టును కొట్టేస్తున్నాం. మేడికి గొయ్యి తవ్వి దాచే శ్రమ అక్కర్లేదు, కప్పే పట్టా అక్కర్లేదు, పురుగును అల్జీరియా నుంచి తెప్పించక్కర్లేదు. గొడ్డలి పెట్టకపోతే చాలు.