దక్షిణ సూడాన్ వలస యువతకు సామాజిక గ్రాంట్లు: ఆస్ట్రేలియా అనుభవం

ఆస్ట్రేలియాలో దక్షిణ సూడాన్ మూలాలున్నవాళ్ళు ఎందరని అడిగితే సూటిగా జవాబు దొరకదు. 2016 జనాభా లెక్కల్లో దక్షిణ సూడాన్‌లో పుట్టామని రాయించుకున్నవారు సుమారు 7,700 మంది. కానీ ఆ దేశం పుట్టిందే 2011 జూలై 9న. అంతకుముందు వచ్చినవారిలో చాలామంది పుట్టిన దేశం గడిలో సూడాన్ అనే రాశారు. శరణార్థి శిబిరాల్లో, దారి మజిలీల్లో పుట్టిన పిల్లలు కెన్యా, ఇథియోపియా, ఈజిప్టు ఖాతాల్లో పడ్డారు. మెల్‌బోర్న్ ఆసుపత్రిలో కళ్ళు తెరిచినవాళ్ళు ఆస్ట్రేలియాలో పుట్టినవాళ్ళ కిందే లెక్క. ఇలా లెక్కకు చిక్కని ఈ చిన్న సమూహం పేరు పత్రికల పతాక శీర్షికల్లోనూ, వాటి వెనకే వచ్చే గ్రాంటు ప్రకటనల్లోనూ మాత్రం జనసంఖ్యకు మించి కనబడుతుంది.

చదువు మధ్యలో ఆగిపోయేలా, ఇల్లు విడిచిపోయేలా, పోలీసు కేసుల్లో ఇరుక్కునేలా ఉన్న పిల్లల కోసం, యువకుల కోసం స్థానిక సంఘాలకూ స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చే సొమ్మునే ఇక్కడ సామాజిక గ్రాంటు అంటారు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. వ్యక్తి చేతికి రాదు, సంస్థ ఖాతాలో పడుతుంది. ఇచ్చేవారిలో ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వాలు, నగర కౌన్సిళ్ళు, దాతృత్వ ట్రస్టులు ఉంటాయి. దక్షిణ సూడాన్ సమాజం పెద్దగా ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఈ వ్యవస్థ బాగా ముదిరింది. దానిలోని మంచీ చెడూ కూడా అక్కడే స్పష్టంగా కనిపిస్తాయి.

కకూమా నుంచి డాండెనాంగ్ దాకా

సూడాన్ ఉత్తర, దక్షిణ ప్రాంతాల మధ్య అంతర్యుద్ధం రెండు విడతలుగా సాగింది. మొదటిది 1955 నుంచి 1972 దాకా, రెండోది 1983 నుంచి 2005 దాకా. రెండో యుద్ధంలో ఊళ్ళు విడిచిన డింకా, న్యూయెర్, బారి, అచోలి కుటుంబాలు ఇథియోపియాకు, ఉగాండాకు, కైరో నగరానికి, కెన్యాలోని కకూమాకు చేరాయి. 1992లో తుర్కానా ఎడారి భూమిలో వెలిసిన కకూమా శిబిరం ఒక తరానికి సొంతూరైంది. 2006లో అడిలైడ్ చేరి, ఆ తర్వాత ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ జట్టుకు ఆడి, 2023లో ‘యంగ్ ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం అందుకున్న అవేర్ మబీల్ పుట్టింది ఆ శిబిరంలోనే.

ఆస్ట్రేలియా మానవతా వీసాల మీద వీరిని ఎక్కువగా తీసుకున్నది 2000 తర్వాతి ఆరేడేళ్ళలో. వచ్చినవాళ్ళు అద్దెలు తక్కువగా ఉన్నచోట, బంధువులున్నచోట స్థిరపడ్డారు. మెల్‌బోర్న్‌కు ఆగ్నేయాన డాండెనాంగ్, నోబుల్ పార్క్, పడమట సన్‌షైన్, సెయింట్ ఆల్బన్స్, మెల్టన్, విండమ్, సిడ్నీలో బ్లాక్‌టౌన్. అడిలైడ్, పెర్త్, బ్రిస్బేన్ శివార్లలోనూ ఇలాంటి పేటలున్నాయి.

వచ్చిన కుటుంబాల్లో తండ్రి లేనివి చాలా. కొందరు యుద్ధంలో పోయారు, కొందరు వెనకే ఉండిపోయారు. ఐదారుగురు పిల్లలతో దిగిన తల్లికి ప్రభుత్వం ఇచ్చే ఉచిత ఇంగ్లీషు పాఠాలు 510 గంటలు. ఆ పరిమితి 2021 దాకా ఉంది. సొంత భాషలోనే ఎప్పుడూ బడికి వెళ్ళని మనిషికి 510 గంటలు ఏ మూలకు? పిల్లలకేమో భాష ఏడాదిలో వచ్చేస్తుంది. అక్కడితో ఇంట్లో పెద్దరికం తలకిందులవుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, హౌసింగ్ ఆఫీసులో తల్లి తరఫున మాట్లాడేది పన్నెండేళ్ళ కొడుకు. బడి నుంచి వచ్చిన ఉత్తరం చదివి వినిపించేదీ వాడే; అది వాడిని వారం రోజులు బడికి రావద్దని చెప్పే ఉత్తరమైనా సరే. గట్టిగా మందలిస్తే ప్రభుత్వం వచ్చి పిల్లల్ని తీసుకుపోతుందన్న భయం తల్లిదండ్రులకుంది. ఆ భయం ఉందని పిల్లలకూ తెలుసు.

శిబిరంలో చెట్టు కింద అరకొరగా చదివిన పద్నాలుగేళ్ళ కుర్రాడికి ఆస్ట్రేలియాలో దక్కేది వయసును బట్టి తరగతి. కొన్ని నెలలు ఇంగ్లీషు భాషా బడిలో కూర్చోబెట్టి, ఆ తర్వాత తొమ్మిదో తరగతి బీజగణితం ముందు దించుతారు. అర్థం కాని పాఠం, నల్లటి చర్మం, ఆరడుగుల ఎత్తు, ఈ మూడూ కలిసిన కుర్రాడు బడి మానేసి రైల్వే స్టేషన్ దగ్గర నలుగురితో నిలబడితే చూసేవాళ్ళకు అది ముఠా.

శీర్షిక ముందు, పైకం వెనుక

గ్రాంట్ల చరిత్రను పత్రికల చరిత్రతో కలిపి చదవకపోతే సగమే అర్థమవుతుంది. 2007 సెప్టెంబరులో నోబుల్ పార్క్‌లో ఒక సూడానీ యువకుడు దాడిలో చనిపోయాడు. శిక్ష పడినవాళ్ళు సూడానీలు కారు. అయినా ఆ తర్వాతి నెలలోనే అప్పటి వలస శాఖ మంత్రి కెవిన్ ఆండ్రూస్, కొన్ని సమూహాలు ఈ దేశంలో ఇమడలేకపోతున్నాయంటూ ఆఫ్రికా శరణార్థుల సంఖ్యకు కోతను సమర్థించారు. చచ్చినవాడి జాతి మీదే నేరం మోపినట్టయింది.

2016 మార్చిలో మెల్‌బోర్న్ మూంబా ఉత్సవంలో అల్లర్లు జరిగాయి. ‘ఏపెక్స్’ అనే ముఠా పేరు మారుమోగింది. డాండెనాంగ్‌లోని ఒక వీధి పేరు అది. అందులో ఒకే జాతివాళ్ళు లేరనీ, అది ముఠాగా మిగల్లేదనీ మరుసటి ఏడాది పోలీసులే చెప్పారు. 2018 జనవరిలో హోం శాఖ మంత్రి పీటర్ డటన్, ఆఫ్రికన్ ముఠాల భయంతో మెల్‌బోర్న్ జనం హోటళ్ళకు భోజనానికి వెళ్ళడానికే జంకుతున్నారని రేడియోలో అన్నారు. దక్షిణ సూడాన్ యువత పట్టాల గౌనుల్లో, ఆసుపత్రి యూనిఫాంలలో ఫొటోలు దిగి, ‘ఆఫ్రికన్ ముఠాలు’ అన్న ఆ పేరునే తగిలించి సామాజిక మాధ్యమాల్లో పెట్టారు. ఆ ఏడాది నవంబరులో జరిగిన రాష్ట్ర ఎన్నికల్లో నేరాల మీదే ప్రచారం సాగించిన ప్రతిపక్షం చిత్తుగా ఓడింది.

అలాగని సమస్య వట్టి కల్పన కాదు. విక్టోరియా నేర గణాంక సంస్థ ఆ రోజుల్లో ఇచ్చిన లెక్కల్లో నిందితుల్లో సూడాన్, దక్షిణ సూడాన్‌లలో పుట్టినవారు దాదాపు 1 శాతం. రాష్ట్ర జనాభాలో వారి వాటా 0.1 శాతానికి కాస్త పైన. అంటే వాటాకు ఎన్నో రెట్లు. మరోపక్క నిందితుల్లో నూటికి 99 మంది వేరేవాళ్ళే. రెండు వాక్యాలూ నిజమే. ఏ పత్రిక ఏ వాక్యం ఎంచుకుందన్నదే తేడా. ఈ సమాజంలో యువకుల పాలు ఎక్కువన్నది కూడా పోల్చేటప్పుడు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఏ జాతిలోనైనా కేసుల్లో ఎక్కువగా పడేది ఆ వయసువాళ్ళే.

నేరం చేస్తే పడే శిక్షా అందరికీ ఒకటి కాదు. 2014 డిసెంబరులో సవరించిన వలస చట్టం ప్రకారం, 12 నెలలు లేదా అంతకన్నా ఎక్కువ జైలు శిక్ష పడి కారాగారంలో ఉన్న పౌరసత్వం లేని మనిషి వీసా తప్పనిసరిగా రద్దవుతుంది. శిబిరంలో పుట్టి, రెండేళ్ళప్పుడు వచ్చి, పౌరసత్వ దరఖాస్తు పెట్టాలని ఎవరూ చెప్పక ఉండిపోయిన కుర్రాడికి ఆ రద్దు అంటే ఎన్నడూ చూడని దేశానికి పంపిస్తామన్న మాట. అందుకే కొన్ని గ్రాంటు కార్యక్రమాల్లో యూత్ వర్కర్ మొదట అడిగేది చదువు గురించి కాదు, పౌరసత్వ పత్రం గురించి.

ఎవరి డబ్బు, ఎంతకాలం

ఫెడరల్ స్థాయిలో 2019 జనవరిలో మొదలైన ప్రధాన గ్రాంటు పథకం పేరు ‘సెటిల్‌మెంట్ ఎంగేజ్‌మెంట్ అండ్ ట్రాన్సిషన్ సపోర్ట్’. పొడుగాటి పేరును సంక్షిప్తం చేసి ‘సెట్స్’ అంటారు. దేశంలో దిగిన మొదటి ఐదేళ్ళవారికే సేవలు ప్రధానంగా అందేలా దీన్ని మొదలుపెట్టారు. చిక్కల్లా ఇక్కడే. వచ్చిన పదమూడేళ్ళ తర్వాత ఒక కుటుంబంలోని పిల్లవాడు దారి తప్పితే, నిబంధనల ప్రకారం ఆ ఇల్లు ఎప్పుడో స్థిరపడిపోయినట్టు లెక్క.

ఆ ఖాళీలోకి రాష్ట్ర ప్రభుత్వం వచ్చింది. డాండెనాంగ్ వైపూ, పశ్చిమ శివార్లలోనూ దక్షిణ సూడాన్ కుటుంబాల కోసం ‘కమ్యూనిటీ సపోర్ట్ గ్రూపు’లకు నిధులిచ్చింది. 1988 నుంచి వలస యువతతో పనిచేస్తున్న సెంటర్ ఫర్ మల్టీకల్చరల్ యూత్, కాథలిక్కుల జెస్యూట్ సోషల్ సర్వీసెస్ వంటి అనుభవమున్న సంస్థలు ఈ పనిలో ఉన్నాయి. 2018 నుంచి 2028 దాకా పదేళ్ళకు ‘ఆఫ్రికన్ కమ్యూనిటీస్ యాక్షన్ ప్లాన్’ తయారైంది. చదువు, ఉద్యోగం, ఆరోగ్యం, న్యాయం అన్నిటినీ కలిపి చూసిన ఆ పత్రంలో మాటలు సమాజం లోపలి నుంచి వచ్చినవే. ప్రణాళిక పదేళ్ళది, దాని కింద అమలయ్యే పనులకు సొమ్ము మాత్రం చాలావరకు ఏడాదికీ రెండేళ్ళకూ.

దరఖాస్తు చేయడం దానంతటదే ఒక విద్య. విక్టోరియాలో కనీసం ఐదుగురు సభ్యులుంటే సంఘం నమోదు చేసుకోవచ్చు. అది సులువే. ఆ తర్వాత వ్యాపార నమోదు సంఖ్య, ప్రమాద బీమా, పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరికీ నేపథ్య తనిఖీ కార్డు, ఆడిటైన లెక్కలు, ‘ఆశించిన ఫలితాలు’ ‘కొలమానాలు’ అన్న గడులు నింపడం. చర్చి వెనక గదిలో శనివారాలు నలభైమంది పిల్లలకు అన్నం పెట్టి హోంవర్కు చేయించే అత్తమ్మలకు ఈ భాష రాదు. రాదు కనుక పెద్ద సంస్థ ఒకటి గొడుగు పడుతుంది: డబ్బు దాని ఖాతాలోకి వస్తుంది, జమాఖర్చు అది చూస్తుంది, నిర్వహణ ఖర్చుల కింద కొంత తీసుకుంటుంది. పిల్లల నమ్మకం చిన్న సంఘానిది, చెక్కు మీద పేరు పెద్ద సంస్థది. ఈ పద్ధతి మీద రెండు వైపులా సణుగుడు ఉంది. సమాజం లోపల కూడా తెగల వారీగా, ప్రాంతాల వారీగా ఎన్నో సంఘాలుండటంతో, 2013 డిసెంబరులో స్వదేశంలో మళ్ళీ రాజుకున్న అంతర్యుద్ధం ఇక్కడి సమావేశ గదుల్లోనూ కుర్చీలను దూరం జరిపింది.

బంతి, పుస్తకం

గ్రాంటు డబ్బు అనగానే ముందు గుర్తొచ్చేది బాస్కెట్‌బాల్. ఎత్తరి పిల్లలు, తక్కువ ఖర్చు, మంచి ఫొటో. వెక్కిరింపుగా అన్నా, ఆటను సరిగ్గా వాడినచోట ఫలితం ఉంది. మిడ్‌నైట్ బాస్కెట్‌బాల్ అనే జాతీయ కార్యక్రమం అన్ని నేపథ్యాల పిల్లలకూ వారాంతపు రాత్రుల్లో నడుస్తుంది. ముందు వేడి భోజనం, తర్వాత పాఠం, ఆ తర్వాతే ఆట. పాఠానికి కూర్చోనివాడికి బంతి ఇవ్వరు. చివర్లో బస్సు ఎక్కించి ఇంటి గుమ్మం దగ్గర దించుతారు. ఇందులో తెలివైన ఖర్చు బహుశా ఆ బస్సుదే.

మలావీలో పుట్టిన సెల్బా-గొండోజా లూకా మెల్‌బోర్న్ ఆగ్నేయంలో స్థాపించిన ఆఫ్రి-ఆస్ కేర్ సంస్థ ‘బ్లాక్ రైనోస్’ జట్టును నడుపుతుంది. మైదానం చుట్టూ తల్లుల బృందం, కౌన్సెలింగ్, కోర్టుకు తోడు వెళ్ళడం, అన్నీ ‘ఉబుంటు’ (మనమున్నాం కనుకే నేనున్నాను) అనే ఆఫ్రికన్ భావన మీద అల్లుకున్నాయి. సిడ్నీ బ్లాక్‌టౌన్‌లో కకూమా నుంచి వచ్చిన మేయర్ చగాయ్ (మేయర్ అన్నది పేరే, పదవి కాదు) ‘సవానా ప్రైడ్’ జట్టును నిలబెట్టారు.

ఆట రానివాళ్ళ సంగతి? బాల సైనికుడిగా బతికి, 1998లో ఆస్ట్రేలియా చేరి, న్యాయవాదిగా ఎదిగిన డెంగ్ అడుట్, యుద్ధంలో మరణించిన అన్న పేరిట జాన్ మాక్ ఫౌండేషన్ పెట్టి శరణార్థి నేపథ్యపు విద్యార్థులకు ఉపకార వేతనాలిస్తున్నారు. 2017లో ఆయన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’. హోంవర్కు క్లబ్బులు మరీ నిరాడంబరమైనవి: లైబ్రరీ గది, నాలుగు బల్లలు, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్వచ్ఛంద విద్యార్థులు, బిస్కెట్లు. పత్రికకు ఫొటో దొరకదు, ఖర్చూ స్వల్పమే.

అమ్మాయిలు ఈ పంపకంలో వెనకబడ్డారు. నేర నివారణ పద్దు కింద వచ్చే డబ్బు నేరాల వార్తలకెక్కిన అబ్బాయిల వెంట పోతుంది. తమ్ముళ్ళను పెంచుతూ, తల్లికి దుబాసీ పని చేస్తూ చదువు వదిలేసిన ఆడపిల్ల ఎవరి అద్దమూ పగలగొట్టదు. కాబట్టి ఆమె ఏ గడిలోనూ కనపడదు.

ఇదంతా మనకు దూరపు కథేమీ కాదు. విండమ్ కౌన్సిల్ పరిధిలోని టార్నీట్, ట్రుగనైనా తెలుగు పాఠకులకు బొత్తిగా తెలియని పేర్లు కావు. అక్కడి కొత్త ఇళ్ళలో తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. 2017 చివర్లో టార్నీట్‌లోని ఎకోవిల్ పార్కు సమావేశ మందిరాన్ని కొందరు కుర్రాళ్ళు ధ్వంసం చేసినప్పుడు టీవీ కెమెరాలు వాలింది ఆ వీధుల్లోనే. ఉద్యోగ వీసాతో వచ్చిన ఇంటికీ, మానవతా వీసాతో వచ్చిన ఇంటికీ మధ్య ఒక కంచె మాత్రమే అడ్డం. పిల్లలు వెళ్ళేది ఒకే బడికి.

పేరు తెచ్చే చిక్కు

గ్రాంటు రావాలంటే సంఘం తన పిల్లల్ని ‘ప్రమాదపుటంచున ఉన్నవాళ్ళు’ అని రాసివ్వాలి. ఎంత భయంకరంగా రాస్తే అంత బలమైన దరఖాస్తు. అదే మాట మరునాడు పత్రికలో అచ్చయితే, ఉద్యోగానికి వెళ్ళిన కుర్రాడి ఇంటిపేరు చూసి మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. కొన్ని సంఘాలు కరపత్రాల్లో ఆ మాట వాడటం మానేసి ‘నాయకత్వ శిబిరం’ అని రాస్తున్నాయి. డబ్బిచ్చినవారికి పంపే నివేదికలో పాత మాటే ఉంటుంది. ఒకే గదిలో ఒకే పిల్లలకు రెండు పేర్లు.

ఆస్ట్రేలియాలో ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. చాలా గ్రాంట్ల గడువూ అదే. ఏప్రిల్ వచ్చేసరికి కాంట్రాక్టు మీదున్న యూత్ వర్కర్ వేరే ఉద్యోగాలు వెతుక్కోవడం మొదలవుతుంది. మే నెలంతా తుది నివేదికకూ జమాఖర్చులకూ పోతుంది. రెండేళ్ళు తిరిగి తిరిగి నమ్మకం సంపాదించిన కుర్రాడి కోర్టు వాయిదా ఆగస్టులో ఉండొచ్చు. ఆ రోజు డాండెనాంగ్ కోర్టు వరండాలో అతని పక్కన కూర్చునేది ఎవరన్నది, కొత్త విడత గ్రాంటు ఏ సంస్థకు వచ్చిందన్నదాన్ని బట్టి తేలుతుంది.