పొరుగు సర్వరు పంపిన జాబు: సమాఖ్య నెట్‌వర్కుల రక్షణ పరీక్షల చరిత్ర

ఒక ఊరి పోస్టాఫీసుకు పొరుగూరి నుండి ఉత్తరముల సంచి వచ్చినప్పుడు, సంచి మూతికి వేసిన లక్కముద్రను చూచి పోస్టుమాస్టరు దానిని స్వీకరించును. సంచి ఏ ఊరి నుండి వచ్చినదో ముద్ర చెప్పును. కాని సంచిలోని ఒక జాబు క్రింద ఉన్న సంతకము నిజమైనదో కాదో ముద్ర చెప్పజాలదు. ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. వీనిని ఒకటిగా భావించుట వలన ఎంతటి ప్రమాదము వాటిల్లునో సమాఖ్య సామాజిక నెట్‌వర్కుల చరిత్ర తెలుపుచున్నది.

సామాన్యముగా ఒక సామాజిక నెట్‌వర్కు ఒకే కంపెనీ అధీనములో ఉండును. సభ్యుల పేర్లు, జాబులు, చిత్రములు అన్నియు ఆ కంపెనీ కంప్యూటర్లలోనే ఉండును. సమాఖ్య నెట్‌వర్కు అట్టిది కాదు. ఇందులో వేలకొలది సర్వర్లు వేర్వేరు యజమానుల చేతులలో ఉండును. ఒక సర్వరులోని సభ్యుడు మరియొక సర్వరులోని సభ్యునికి జాబు వ్రాయవచ్చును. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో విడుదల చేసిన మాస్టొడాన్ ఇట్టి సర్వరు ప్రోగ్రాములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. సర్వర్లు తమలో తాము మాట్లాడుకొనుటకు యాక్టివిటీపబ్ అను నియమావళి కలదు. వెబ్ ప్రమాణములను నిర్ణయించు అంతర్జాతీయ సంస్థ దీనిని 2018 జనవరి 23న ఆమోదించెను.

ఈ సర్వర్లలో పెక్కింటిని స్వచ్ఛంద సేవకులు, చిన్న సంఘములవారు నడుపుచున్నారు. రాత్రింబవళ్ళు కాపలా కాయు ఉద్యోగులు వారికి లేరు. కావున దొంగ రాకముందే తలుపులు, గడియలు కదిపి చూచు పరీక్షా సాధనము వారికి మిక్కిలి అవసరము. అట్టి సాధనమును నిర్మించు విద్య ఒక్కనాడు పుట్టినది కాదు.

ఒకే సంవత్సరము, రెండు పాఠములు

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మారిస్ ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్టులో వదలెను. అది తనంతట తానే ఒక కంప్యూటరు నుండి మరొకదానికి ప్రాకిపోయెను. అందుచే దానికి 'పురుగు' అని పేరు వచ్చెను. నాటి ఇంటర్నెట్టులోని సుమారు 60,000 కంప్యూటర్లలో దాదాపు 6,000 దీని వాత పడినవని అంచనా.

ఆ పురుగు దూరిన సందులు గమనింపదగినవి. కంప్యూటరుపై ఎవరెవరు పని చేయుచున్నారో చెప్పు 'ఫింగర్' అను సేవ, తనకు వచ్చు ప్రశ్న కొరకు 512 బైట్ల చోటును మాత్రమే ఉంచుకొనెను. ప్రశ్న పొడవును మాత్రము కొలువలేదు. పురుగు 536 బైట్ల ప్రశ్నను పంపెను. పొంగిపొరలిన ఆ కొద్ది బైట్లు ప్రోగ్రాము నడకనే మార్చివేసినవి. మరియొక సందు నమ్మకము. కొన్ని కంప్యూటర్లు తమ పొరుగు కంప్యూటర్లను సంకేతపదము అడుగకయే లోనికి రానిచ్చెడివి. ఒకటి చిక్కినచో దానిని నమ్మినవి కూడ చిక్కినవి.

ఆ ఏడాదిలోనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో ఆచార్య బార్టన్ మిల్లర్ మరియొక వింతను గమనించెను. ఒక ఉరుముల వాన రాత్రి ఆయన టెలిఫోను తీగ ద్వారా ఇంటి నుండి పని చేయుచుండగా, తీగలో పుట్టిన గోల వలన అక్షరములు చెదిరి, మంచివనుకొన్న ప్రోగ్రాములు సైతము కూలిపోయినవి. ఆయన తన విద్యార్థులచే, అర్థములేని అక్షరములను ఎడతెగక పుట్టించు 'ఫజ్' అను ప్రోగ్రామును వ్రాయించెను. 1990లో వెలువడిన ఫలితముల ప్రకారము, సుమారు 90 యూనిక్స్ ప్రోగ్రాములను పరీక్షింపగా నూటికి 24కు పైగా కూలినవి. దొంగ చేయు పనిని యజమానియే, తన ఇంటిలో, లెక్క ప్రకారము చేసి చూడవచ్చునని ఈ ప్రయోగము నిరూపించెను.

సాధనము ఎవరి చేతిలో?

1995 ఏప్రిల్ 5న డాన్ ఫార్మర్, వీట్సె వెనెమా అను ఇరువురు 'సాటన్' అను సాధనమును ఉచితముగా విడుదల చేసిరి. అది నెట్‌వర్కులోని సర్వర్లను ఒక్కొక్కదానిని ప్రశ్నించి, వాని లోపముల పట్టికను తయారు చేయును. సైతాను అను అర్థమిచ్చు ఆ పేరు కూడ అలజడిని పెంచెను. ఆయుధములను నడివీధిలో పంచుట తగునా అని కొందరు ఆక్షేపించిరి. ఈ లోపములు దొంగలకు ఇదివరకే తెలియును, తెలియనిది యజమానులకే అని కొందరు సమాధానము చెప్పిరి. భయపడినంత విపత్తు సంభవింపలేదు. కాని ఒక నియమము మాత్రము స్థిరపడెను: యజమాని అనుమతి లేనిదే పరుల సర్వరును పరీక్షింపరాదు. భారతదేశములో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము అనుమతి లేని ప్రవేశమునకు 43వ సెక్షను క్రింద నష్టపరిహారమును విధించుచున్నది; దానినే కపటముతోనో మోసబుద్ధితోనో చేసినచో 66వ సెక్షను క్రింద శిక్షార్హమైన నేరముగా పరిగణించుచున్నది. సాధనమును చేతబట్టు విద్యార్థి మొదట నేర్వవలసినది ఇదియే.

తరువాతి మెట్టు ఫిన్లండులో పడెను. ఔలు విశ్వవిద్యాలయ పరిశోధకులు 'ప్రోటోస్' అను పథకములో గాలివాటు అక్షరములను విడిచి, భాష వ్యాకరణమును నేర్చి, దానిని ఒక్కొక్క చోట బుద్ధిపూర్వకముగా తప్పి వ్రాసిన సందేశములను పంపిరి. నెట్‌వర్కు పరికరములను అదుపు చేయు ఎస్.ఎన్.ఎం.పి. అను నియమావళిని ఇట్లు పరీక్షింపగా, పెక్కు కంపెనీల పరికరములలో లోపములు బయల్పడినవి. 2002 ఫిబ్రవరిలో దీనిపై బహిరంగముగా హెచ్చరిక వెలువడెను. పై పైన తట్టు పరీక్షకంటె, భాష తెలిసి చేయు పరీక్ష లోతుగా పోవునని ఇందువలన తేలెను.

అబద్ధమాడు పొరుగువాడు

ఈ మూడు పాఠములును సమాఖ్య సర్వరునకు వర్తించును. కాని అవి మాత్రమే చాలవు. సమాఖ్య సర్వరు అపరిచితుల మాట వినక తప్పదు. వినుటయే దాని వృత్తి. అపరిచితుని గుర్తించుటకు అది సంతకమును కోరును. ప్రతి సభ్యునికి రెండు తాళపుచెవులు ఉండును. ఒకటి రహస్యము; దానితో సంతకము చేయుదురు. రెండవది బహిరంగము, దానిని తెచ్చుకొని ఇతర సర్వర్లు సంతకమును సరిచూచును. సంతకము లేని సందేశము గుమ్మము వద్దనే తిరస్కరింపబడును. కావున పరీక్షా సాధనము స్వయముగా ఒక చిన్న సర్వరు కావలెను. దానికి పేరు, చిరునామా, తాళపుచెవులు ఉండవలెను. అది మర్యాదస్థుడైన పొరుగువానివలె మాట్లాడి, అదను చూచి అబద్ధమాడవలెను.

ఏ చోట అబద్ధమాడవలెను? నియమావళి మౌనముగా ఉన్న చోట. సర్వర్లు ఒకదానినొకటి గుర్తించు పద్ధతిపై అందరు అంగీకరించిన విధానము లేదని 2018 నాటి యాక్టివిటీపబ్ పత్రమే ఒప్పుకొనెను. ఆ ఖాళీని ఒక్కొక్క ప్రోగ్రాము తనకు తోచినట్లు పూరించుకొనెను.

కావున పరీక్షలు ఇట్లుండును. రాముని తాళపుచెవితో సంతకము చేసి, లోపల కృష్ణుని పేర జాబు వ్రాయుట. నిన్నటి సందేశమునే నేడు మరల పంపుట. సంతకము చేసిన పిమ్మట ఒక్క అక్షరము మార్చుట. 'ఫలానా చోటనున్న జాబును తెచ్చుకొనుము' అని చెప్పి, ఆ చోటుగా 127.0.0.1 అను చిరునామానిచ్చుట. ఇది వినువాని సొంత ఇంటి చిరునామా కావున, మోసపోయిన సర్వరు తన లోపలి గదులను తానే తెరచును. ముగింపు లేని ప్రత్యుత్తరముల గొలుసును చూపి దానిని అలసిపోవునట్లు చేయుట.

ఇచ్చట రెండు సూక్ష్మములు కలవు. మొదటిది: ప్రతి తప్పు సందేశమునకు ముందు సరియైన సందేశమొకటి పంపి, అది స్వీకరింపబడినదని రూఢి చేసికొనవలెను. లేనిచో అన్నింటిని త్రోసిపుచ్చు చెడిపోయిన సర్వరు కూడ పరీక్షలో నెగ్గును. ప్రయోగశాలలో పోల్చి చూచుటకు ఉంచు నమూనా వంటిదే ఇది. రెండవది: పెక్కు సర్వర్లు సందేశమును అందుకొన్న వెంటనే 'అందినది' అని చెప్పి, విచారణ తరువాత జరుపును. కావున ఆ జవాబును బట్టి తీర్పు చెప్పరాదు. జాబు నిజముగా సభ్యుని కంటబడినదా అని వేచి చూడవలెను.

ఈ పరీక్షలన్నియు బయటి ప్రపంచముతో సంబంధము లేని మూసిన నెట్‌వర్కులో జరుగవలెను. సమాఖ్యలో జాబు ఒకచోట ఆగదు. పరీక్షకై పంపిన అబద్ధము ఎరుగని సర్వర్లకు కూడ ప్రాకవచ్చును.

చరిత్ర ఇచ్చిన సాక్ష్యము

ఇవి ఊహలు కావు. 2023లో మొజిల్లా సంస్థ కోరికపై క్యూర్53 అను సంస్థ మాస్టొడాన్‌ను పరీక్షించెను. ప్రత్యేకముగా మలచిన చిత్రపు ఫైలు వంటిదానితో సర్వరులో కోరిన చోట కోరిన ఫైలును సృష్టింపవచ్చునని బయటపడెను. జులై 6న సవరణ విడుదలయ్యెను. 2024 ఫిబ్రవరి 1న మరియొక లోపము సరిదిద్దబడెను. సందేశము పుట్టుచోటును సరిగా విచారింపకపోవుటచే, పరసర్వరులోని సభ్యుని వేషమును వేయుటకు అది వీలు కల్పించెను. యజమానులు సవరణను చేర్చుకొనుటకు వ్యవధి ఇచ్చుటకై దాని వివరములను ఫిబ్రవరి 15 వరకు ప్రకటింపకుండ ఆపిరి.

ఆ నెలలోనే మూడవది. మాస్టొడాన్ తాను తెచ్చుకొన్న పత్రము ఏ జాతిదో చూడలేదు. సభ్యులు ఎక్కించిన ఏ ఫైలునైనను తన చిరునామాపైనే ఉంచు సర్వరు ఒకటి ఉన్నచో, ఒకడు అందులో సందేశము రూపమున ఫైలును ఎక్కించి, తోటి సభ్యుని పేరు పెట్టవచ్చును. ఊరి ముద్ర సరియైనదే. సంతకము చేసినవాడు మాత్రము వేరు.

ఒకని పేరుతో ఇంకొకడు మాట్లాడినచో పోవునది యంత్రము కాదు, మనిషి పరువు. కాబట్టి పరీక్షా సాధనము ఒకసారి నిర్మించి బీరువాలో పెట్టు వస్తువు కాదు. బయటపడిన ప్రతి లోపమును ఒక క్రొత్త పరీక్షగా అందులో చేర్చవలెను. నెగ్గిన పరీక్షలు సర్వరు నిర్దోషియని నిరూపింపవు. ఆ తప్పులు మాత్రము అందులో లేవని చెప్పును. అంతకు మించి చెప్పకుండుట కూడ శాస్త్రమర్యాదయే.