వెన్నుపాము

వెన్నుపాము కేంద్ర నాడీవ్యవస్థలో మెదడు తరువాతి భాగం. పుర్రె అడుగున ఉన్న పెద్ద రంధ్రం దగ్గర మెదడు నుంచి మొదలై, వెన్నుపూసల మధ్య నాళంలో కిందికి దిగుతుంది. పెద్దవాళ్లలో దీని పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు, బరువు 35 గ్రాములకు అటూ ఇటూ. మందం చాలాచోట్ల చిటికెన వేలంతే. మెడ కింది చర్మం, కండరాలు, కీళ్లు మెదడుతో నడిపే వ్యవహారమంతా దీని గుండానే సాగాలి. అందుకే బడిపుస్తకాలు దీన్ని కబుర్లు మోసే తీగగా పరిచయం చేస్తాయి. ఆ వర్ణన సగమే నిజం. వచ్చిన కబుర్లలో దేన్ని పైకి పంపాలి, దేన్ని తగ్గించి పంపాలి, దేనికి అక్కడికక్కడే జవాబివ్వాలి అనే సంగతుల్లో వెన్నుపాముకు సొంత పెత్తనం ఉంది.

నిర్మాణం

గర్భంలో మూడో నెల నాటికి వెన్నుపాము వెన్నుపూసల నాళమంతా నిండి ఉంటుంది. ఆ తరువాత ఎముకలు పెరిగినంత వేగంగా అది పెరగదు. పుట్టే నాటికి దాని కొస మూడో నడుము పూస దగ్గరికి, పెద్దయ్యాక ఒకటి, రెండు నడుము పూసల మధ్యకు చేరుతుంది. అక్కడి నుంచి కిందికి ఉండేవి కాళ్లకు, మూత్రాశయానికి, మలాశయానికి వెళ్లే నాడీ మూలాల పోగులు మాత్రమే. శరీర శాస్త్రంలో వాటికి గుర్రపుతోక అని పేరు.

వెన్నుపామును మూడు పొరలు కప్పి ఉంచుతాయి. బయటిది దళసరి వరాశిక, నడిమిది లౌతికళ, లోపల అంటిపెట్టుకుని ఉండేది మృద్వి. చివరి రెండు పొరల మధ్య మస్తిష్కమేరు ద్రవం ఉంటుంది. మెదడు, వెన్నుపాము చుట్టూ కలిపి ఈ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు అరలీటరు దాకా కొత్తది ఊరుతుంది కాబట్టి ఇరవై నాలుగు గంటల్లో మూడు నాలుగుసార్లు మారిపోతుంది.

వెన్నుపాము పైనే ఆగిపోవడం వల్లనే వైద్యులు నడుములో సూది వేసి ఈ ద్రవాన్ని తీయగలుగుతున్నారు. రోగిని పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టకు ఆనేలా ముడుచుకోమంటారు. అప్పుడు పూసల వెనుక సందులు తెరుచుకుంటాయి. రెండు తుంటి ఎముకల పైఅంచులను వేళ్లతో వెతికి వాటిని కలుపుతూ గీత ఊహించుకుంటే అది దాదాపు నాలుగో నడుము పూస మీదుగా పోతుంది. ఆ పూసకు పైసందులోనో కిందిసందులోనో సూది దిగుతుంది. వరాశికను దాటగానే అంతవరకూ చేతికి తగిలిన బిగువు ఒక్కసారిగా సడలుతుంది. లోపలి పుల్ల తీస్తే నీళ్లలాంటి తేట ద్రవం బొట్టుబొట్టుగా పడుతుంది. అక్కడి నాడీ మూలాలు ద్రవంలో తేలుతూ ఉంటాయి గనుక సూదికి చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిక్ క్వింకే ఈ పద్ధతిని వివరించాడు. 1898లో ఆగస్ట్ బీర్ అదే దారిలో మత్తుమందు ఎక్కించాడు. నేటి సిజేరియన్లలో ఎక్కువ భాగం ఈ మత్తుతోనే జరుగుతున్నాయి.

ఆ తరువాత ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పికి ఆ సూదే కారణమని మన ఇళ్లలో గట్టి నమ్మకం. పరిశోధనలు ఆ నమ్మకాన్ని బలపరచలేదు. కొందరికి కొన్నాళ్లు తలనొప్పి రావడం మాత్రం నిజం. వరాశికలో పడ్డ చిల్లు నుంచి ద్రవం కారడం దాని మూలం. లేచి కూర్చుంటే పెరగడం, పడుకుంటే తగ్గడం దాని గుర్తు.

వెన్నుపామును అడ్డంగా కోస్తే మధ్యలో రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం, చుట్టూ తెల్లని పదార్థం కనిపిస్తాయి. పెద్దమెదడులో ఈ అమరిక తిరగబడి ఉంటుంది. బూడిదరంగు భాగంలో నాడీకణాల దేహాలు, తెల్ల భాగంలో మైలిన్ తొడుగున్న తంతువులు ఉంటాయి. చేతులకు, కాళ్లకు నాడులు బయలుదేరే రెండు చోట్ల, అంటే మెడలోనూ కిందికొస దగ్గరా, కణాలు ఎక్కువ కావాలి కాబట్టి వెన్నుపాము కాస్త ఉబ్బి ఉంటుంది.

ఇరువైపులా 31 జతల వెన్ను నాడులు పుడతాయి: మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5, త్రికంలో 5, అనుత్రికంలో 1. ప్రతి నాడికీ రెండు మూలాలు. ముందు మూలం కండరాలకు ఆజ్ఞలు తీసుకెళ్తుంది, వెనుక మూలం స్పర్శను లోపలికి తెస్తుంది. ముందు మూలానికి కదలికతో ఉన్న సంబంధాన్ని 1811లో చార్లెస్ బెల్ గుర్తిస్తే, రెండు మూలాల పనులనూ 1822లో ఫ్రాన్స్‌వా మజాందీ స్పష్టంగా వేరుచేసి చూపాడు. ఒక్కో నాడికి చర్మం మీద ఒక్కో పట్టీ కేటాయింపు. బొటనవేలు ఆరో మెడ నాడిది, బొడ్డు చుట్టూ ఉన్నది పదో ఛాతీ నాడిది. స్పర్శ ఏ పట్టీ దగ్గర ఆగిపోయిందో చూసి, స్కానింగ్‌కు ముందే దెబ్బ ఎంత ఎత్తున ఉందో న్యూరాలజిస్టు అంచనా వేస్తాడు.

దారులు

తెల్లని పదార్థంలో తంతువులు పని ప్రకారం కట్టలు కట్టి ఉంటాయి. సున్నితమైన స్పర్శ, కంపనం, కీళ్లు ఏ భంగిమలో ఉన్నాయన్న స్పృహ వెనుక కట్టల్లో, వచ్చిన వైపునే పైకెక్కి, మెదడు అడుగుభాగమైన మజ్జాముఖంలో అవతలి పక్కకు దాటుతాయి. నొప్పి, వేడి, చల్లదనం అలా కాదు. అవి వెన్నుపాములోకి వచ్చిన చోటికి కొద్దిగా పైనే అవతలికి దాటి, అప్పుడు పైకి ప్రయాణిస్తాయి. మెదడు నుంచి కండరాలకు దిగే తంతువుల్లో అధికభాగం మజ్జాముఖంలోనే పక్క మారతాయి.

ఈ తేడా వల్ల వెన్నుపాము ఒక పక్క మాత్రమే తెగితే వింత లక్షణాలు కనబడతాయి. తెగిన పక్క కాలు కదలదు, కానీ గుచ్చితే నొప్పి తెలుస్తుంది. రెండో కాలు చక్కగా కదులుతుంది, కానీ నిప్పు తగిలినా తెలియదు. మారిషస్‌లో పుట్టిన వైద్యుడు షార్ల్ ఎడ్వర్డ్ బ్రౌన్-సెకార్ 19వ శతాబ్దం మధ్యలో దీన్ని వర్ణించాడు. నాడీశాస్త్రం చదివే విద్యార్థికి ఇంతకు మించిన పాఠం లేదు. ఈ ఒక్క లక్షణ సముదాయాన్ని అర్థం చేసుకుంటే దారులన్నీ గుర్తుండిపోతాయి.

వెన్నుపాము సొంత నిర్ణయాలు

మోకాలిచిప్ప కింది స్నాయువు మీద చిన్న సుత్తితో తడితే కాలు ముందుకు ఎగురుతుంది. 1875లో విల్‌హెల్మ్ ఎర్బ్, కార్ల్ వెస్ట్‌ఫాల్ విడివిడిగా దీన్ని ప్రచురించారు. దెబ్బకు తొడ ముందరి కండరం కొద్దిగా సాగుతుంది. ఆ కబురు సెకనుకు దాదాపు వంద మీటర్ల వేగంతో వెన్నుపాముకు చేరి, ఒకే ఒక నాడీసంధిని దాటి, సంకోచించమన్న ఆజ్ఞగా తిరిగి వస్తుంది. అదే క్షణంలో తొడ వెనుక కండరానికి సడలమన్న ఆదేశం వెళ్తుంది. దానికి మధ్యలో ఒక నిరోధక కణం పనిచేస్తుంది. ఒక కండరం బిగుస్తుంటే దాని ఎదురు కండరం సడలాలన్న ఈ నియమాన్ని విపులంగా పరిశోధించినవాడు చార్లెస్ షెరింగ్‌టన్. 1932లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

పొలం గట్టున నడిచేవాడి కాలికి ముల్లు దిగితే జరిగేది ఇంకా పెద్ద ఏర్పాటు. గుచ్చుకున్న కాలు తుంటి, మోకాలు, చీలమండ మూడు చోట్లా ముడుచుకుని లేస్తుంది. రెండో కాలు గట్టిపడి ఒళ్లు బరువంతా మోస్తుంది. నొప్పి మనకు తెలిసేసరికే కాలు లేచి ఉంటుంది. మొదట చురుక్కుమనే నొప్పి, సెకను గడిచాక సలుపు. ఈ రెండోదాన్ని మోసేవి మైలిన్ తొడుగు లేని సన్నని తంతువులు. వాటి వేగం సెకనుకు సుమారు ఒక మీటరే.

దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దితే ఉపశమనం కలగడానికీ వెన్నుపామే కారణం. స్పర్శను మోసే లావు తంతువులు బూడిదరంగు పదార్థపు వెనుక కొమ్ములోని నిరోధక కణాలను మేల్కొలిపి నొప్పి కబురును ద్వారం మూసినట్టు అణుస్తాయని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించారు. వివరాల్లో సవరణలు జరిగినా మూలభావం నిలిచింది. మెదడు కూడా పైనుంచి ఈ ద్వారాన్ని బిగించగలదు. చేతిలో మరిగే పాలగిన్నె, పక్కన పసిబిడ్డ ఉంటే తల్లి చెయ్యి కాలుతున్నా గిన్నెను వదలకుండా దించి పెట్టగలగడం ఇలాంటి అదుపు వల్లనే.

వెన్నుపాములో నిరోధానికి ఎంత విలువ ఉందో అది పోయినప్పుడు తెలుస్తుంది. ధనుర్వాతం కలిగించే విషం గ్లైసిన్, గాబా అనే నిరోధక రసాయనాల విడుదలను ఆపేస్తుంది. విషముష్టి గింజలోని స్ట్రిక్నిన్ గ్లైసిన్ గ్రాహకాలను మూసేస్తుంది. దారులు వేరైనా ఫలితం ఒకటే: చిన్న చప్పుడుకే ఒళ్లంతా విల్లులా బిగుసుకుపోతుంది.

నడక లయ కూడా కొంతవరకు ఇక్కడిదే. వెన్నుపాము తెగిన పిల్లుల కాళ్లలో అడుగుల లయ పుట్టగలదని 1911లో థామస్ గ్రాహమ్ బ్రౌన్ చూపాడు.

వ్యాధులు

పిండంలో మెదడు, వెన్నుపాములుగా మారే నాడీనాళం గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మూసుకోవాలి. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతో పుట్టవచ్చు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గర్భం రాకముందు నుంచే వేసుకోమని చెప్పడం అందుకే.

పోలియో వైరస్ ముందు కొమ్ములోని కదలిక కణాలను చంపుతుంది. అందుకే కాలు చచ్చుబడినా స్పర్శ ఉంటుంది. విటమిన్ బి12 లోపం ఎక్కువగా వెనుక కట్టలను, పక్క కట్టలను దెబ్బతీస్తుంది. పాదం ఎక్కడుందో కంటితో చూస్తే తప్ప తెలియని స్థితి వస్తుంది. సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలి గోడ పట్టుకునే మనిషికి బి12 పరీక్ష తప్పనిసరి. తొందరగా గుర్తిస్తే సూదిమందుతో బాగవుతుంది, ఆలస్యమైతే నష్టం మిగిలిపోతుంది. వెన్నుపూసల క్షయ, గడ్డలు, జారిన డిస్కులు వెన్నుపామును బయటి నుంచి నొక్కుతాయి.

తెలుగు నేలకు బాగా తెలిసిన కారణం నీళ్లలోని ఫ్లోరైడ్. ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి ప్రచురించారు. తరువాత నల్గొండ పేరు దానికి మారుపేరైంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ పేరుకుంటే పూసల అంచులు పెరుగుతాయి, స్నాయువులు ఎముకలా గట్టిపడతాయి, నాళం ఇరుకై వెన్నుపామును నలిపేస్తుంది. బాధితుల నడుము వంగిపోవడమే లోకం కంటపడింది. కాళ్లు బిగుసుకుని మంచానపడటం వెన్నుపాము నలిగిన ఫలితం. మంచినీళ్లు మార్చడంతో తప్పించగలిగిన వికలత్వం ఇన్ని తరాలను పట్టి పీడించింది.

గాయం

వెన్నుపాములో తెగిన తంతువులు మనిషిలో తిరిగి చెప్పుకోదగ్గంతగా పెరగవు. దెబ్బ మూడు నుంచి ఐదో మెడ నాడుల కన్నా పైన తగిలితే విభాజక పటలం ఆగి ఊపిరి అందదు. ఛాతీ దిగువన అయితే చేతులు పనిచేస్తాయి, కాళ్లు పనిచేయవు. రోడ్డు ప్రమాదాలతో పాటు తాటిచెట్టు మీంచి పడటం కూడా తెలుగు పల్లెల్లో ఈ గాయానికి దారితీస్తోంది. గీత కార్మికుల కోసం 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కిందపడ్డ మనిషిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కూర్చోబెడితే విరిగిన పూస మిగిలిన తంతువులను కూడా కోసేయవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరసలో కదలకుండా బల్ల మీదికి చేర్చాలి.

గాయమైన వెంటనే దెబ్బకు కింద వెన్నుపాము సొంతంగా నడిపే ప్రతీకార చర్యలన్నీ (రిఫ్లెక్సులు) మూగబోతాయి. రోజులో వారాలో గడిచాక అవి తిరిగి వస్తాయి, ఈసారి మరింత తీవ్రంగా. ఒకప్పుడు ఇలాంటివాళ్లు పుండ్లతో, మూత్రపు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయేవారు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944 నుంచి లుడ్విగ్ గుట్‌మన్ రాత్రింబగళ్లు రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పించే పద్ధతిని కట్టుదిట్టంగా నడిపి ఆ రాతను మార్చాడు.

ఇంట్లో చూసుకునేవాళ్లు ఎరిగి ఉండాల్సిన ప్రమాదం ఇంకొకటి ఉంది. ఆరో ఛాతీ భాగానికి పైన తెగినవాళ్లలో మూత్రాశయం నిండితే మెదడుకు తెలియదు, కానీ తెగిన చోటికి కింది వెన్నుపాముకు తెలుస్తుంది. అది రక్తనాళాలను బిగించి బీపీని ప్రమాదకరంగా పెంచుతుంది. మనిషికి తల పగిలేంత నొప్పి వస్తుంది, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. వెంటనే లేపి కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రపు గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో చూడాలి. అప్పటికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.